సహోద్యోగి ‘అతను’ కారు, ‘ఆమె’ కారు: తెలుగులో ఎలా ప్రస్తావించాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడిలో మహిళా సంఘాలకు చిన్న అప్పులు ఇచ్చే ఒక ప్రైవేటు సంస్థ శాఖలో నేను పర్యవేక్షకుడిని. పై కార్యాలయంతో ఒడియా, ఇంగ్లీషు నడుస్తాయి. పాతపట్నం నుంచి రోజూ వచ్చిపోయే సిబ్బందితోనూ, కాశీనగరం వైపు సంఘాల మహిళలతోనూ తెలుగే మాట్లాడతాము. రెండు నెలల క్రితం గుణుపురం నుంచి ఒకరు వసూళ్ళ పనిలో చేరారు. వయసు ఇరవై నాలుగు. చేరిన వారానికే నన్ను పక్కకు పిలిచి, తాను నాన్‌బైనరీ అని, అంటే తనను తాను పురుషుడిగా గానీ స్త్రీగా గానీ భావించడం లేదని, తన గురించి మాట్లాడేటప్పుడు ‘అతను’, ‘ఆమె’ అన్న మాటలు లేకుండా ఉంటే బాగుంటుందని చెప్పారు. నేను సరేనన్నాను. అన్నంత సులువుగా నాలుక తిరగడం లేదు.

ఒడియాలో మాకు ఈ చిక్కు రానే లేదు. ‘సే ఆసిలే’ అంటే ఆయన వచ్చారనీ అవుతుంది, ఆవిడ వచ్చారనీ అవుతుంది. సర్వనామంలోనూ క్రియలోనూ స్త్రీ పురుష భేదం లేదు కాబట్టి, ఒడియాలో మాట్లాడినంత సేపూ అందరమూ నిశ్చింతగా ఉంటాము. అదే మాట తెలుగులోకి మారేసరికి సగం వాక్యంలో ఆగిపోతాము.

పోయిన నెలలో ఒక పొరపాటు చేశాను. మా తెలుగు వాట్సాప్ గుంపులో ‘నిన్న కాశీనగరంలో వసూలు చేసినవాడు రసీదు పుస్తకం ఇంకా అప్పగించలేదు’ అని రాశాను. పంపాక తప్పు తెలిసింది. తుడిచేసి, కంగారులో ‘చేసినది’ అని దిద్ది పంపాను. అది ఇంకా ఘోరంగా, ఏదో వస్తువు గురించి రాసినట్టుగా కనిపించింది. సాయంత్రం వారు ఆ పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

తెలుగులో ఎబ్బెట్టుగా ధ్వనించకుండా ఇలాంటి వ్యక్తిని ప్రస్తావించే పద్ధతి ఉన్నదా? ‘రేపు ఆ బాబొస్తాడా, పాపొస్తాదా’ అని సంఘాల మహిళలు నవ్వుతూ అడిగినప్పుడు నేనేమని చెప్పాలి?

నాగావళి, రాయగడ:

పిల్లలకు చాలా ఏళ్ళు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదానిని కనుక, వ్యాకరణం వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను. తెలుగులో లింగం సర్వనామంలో కంటే క్రియ తోకలో ఎక్కువగా దాక్కుని ఉంటుంది. ‘అతను’ అనకుండా పేరు పెట్టి పిలిచినా, ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్న చోట దొరికిపోతాము. అయితే ఈ తోక అన్ని క్రియలకూ లేదు. ‘రాలేదు’ అన్న మాటను చూడండి: నేను రాలేదు, అతను రాలేదు, ఆమె రాలేదు, వారు రాలేదు, అన్నిటికీ ఒకటే రూపం. రావాలి, రావచ్చు, రాకూడదు కూడా అంతే. ‘తెలుసు’, ‘కావాలి’ అన్నవాటికీ ఆ బెడద లేదు. మీ వాట్సాప్ వాక్యంలో ‘అప్పగించలేదు’ అన్నది మిమ్మల్ని ఏ ఇబ్బందీ పెట్టలేదు, గమనించారా? ఇబ్బంది పెట్టినది ‘చేసినవాడు’ ఒక్కటే. ‘నిన్న కాశీనగరం వసూలుకు వెళ్ళినవారు’ అని ఉంటే సరిపోయేది.

ఇక ‘వారు, వచ్చారు’ అన్న రూపం ఒక్క మనిషికి కృతకంగా ఉంటుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చీకట్లో తలుపు చప్పుడైతే మన ఇళ్ళలో ఏమంటాము? ‘ఎవరో వచ్చారు, చూడండి’ అంటాము. వచ్చినది ఒక్కరేనని తెలుసు. ఆడో మగో తెలియదు. నోరు దానంతట అదే బహువచనంలోకి వెళుతుంది. ‘ఎవరో ఒకరు చేస్తారులే’ అన్నప్పుడు కూడా అంతే. మనిషి లింగం తెలియనప్పుడు వాడే వాక్యం మన భాషలో ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నది. తెలిసిన మనిషికి దానిని వాడడమొక్కటే కొత్త.

‘చేసినది’ మీకు ఎందుకు అంత ఘోరంగా తోచిందో కూడా వ్యాకరణమే చెబుతుంది. మనవారు మాటలను మహత్తు (పురుషులు), అమహత్తు (మిగిలినవన్నీ) అని విడదీసి, ఏకవచనంలో స్త్రీలను గొడ్డూ గోదా, రాయీ రప్పలతో పాటు ‘వచ్చింది’లో వేశారు, బహువచనంలో మాత్రం పురుషులతో కలిపి ‘వచ్చారు’ అన్నారు. అంటే గుంపుగా వస్తే మనుషులం, ఒంటరిగా వస్తే వస్తువులతో జమ! ఈ లెక్క మీద నాకు పాత కోపం ఒకటి ఉన్నది, ఇక్కడ వద్దు. స్త్రీ కాదు, పురుషుడూ కాదు కదా అని మూడో లింగం లాగా ‘వచ్చింది’ వాడితే తటస్థంగా ఉంటుందని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. ఆ రూపం వారిని స్త్రీ అన్నా అంటుంది, వస్తువు అన్నా అంటుంది.

మీ ఊరి సంగతే ఒకటి గుర్తు చేస్తాను. జనం నోట ఉన్న తెలుగే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పినది పర్లాకిమిడిలోనే. పక్క కొండల మీది సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చినదీ ఆయనే. ఆ సవర భాషలోనూ సర్వనామానికి ఆడ, మగ తేడా లేదు. ఒక పక్క ఒడియా, ఒక పక్క సవర, నడుమ తడబడుతున్నది మన తెలుగు ఒక్కటే.

సుంకి మలుపు, కొరాపుట్:

కోపగించుకోకపోతే ఒక మాట. ఇంగ్లీషువారికి సరైన మాట లేక ఒక్క మనిషిని కూడా ‘దే’ (they, అంటే ‘వారు’) అని మొదలుపెట్టారు. ఆ గాలి ఇక్కడికీ వీచింది. మన దగ్గర ‘వారు’ అనేది వయసుకూ హోదాకూ ఇచ్చే గౌరవం. మీ కార్యాలయంలో అటెండరు ఉండే ఉంటారు, ఆ మనిషికి యాభై ఏళ్ళు ఉండవచ్చు. ఆయనను ‘వాడొచ్చాడా’ అంటూ, నిన్న గాక మొన్న చేరిన ఇరవై నాలుగేళ్ళ మనిషిని ‘వారు వచ్చారు’ అంటే వినేవారికి ఎలా ఉంటుంది? ఒకరి మనసు నొప్పించకుండా ఉండడానికి తొమ్మిది మంది నడుమ వంకర తీసుకురావడం న్యాయమేనా?

ప్రాణహిత, సిరొంచా:

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. గోదావరి దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, ఉద్యోగంలో మరాఠీ. ఒడియా పక్కన ఉన్న మీరు అదృష్టవంతులని చెప్పడానికే రాస్తున్నాను. మరాఠీలో పురుషుడు ‘మీ జాతో’ అంటాడు, స్త్రీ ‘మీ జాతే’ అంటుంది. అంటే ఇతరులు తన గురించి ఏమంటారన్నది తరువాతి సంగతి. ‘నేను వెళుతున్నాను’ అని నోరు తెరిచినప్పుడల్లా ఆ మనిషి తానే ఏదో ఒక వైపు నిలబడాలి. గౌరవ బహువచనం కూడా కాపాడదు: పురుషుడైతే ‘తే ఆలే’, స్త్రీ అయితే ‘త్యా ఆల్యా’. ఒంటరిగా ఉన్నా ‘ఆమ్హీ జాతో’, అంటే ‘మేము వెళుతున్నాము’ అంటే గానీ తప్పించుకోవడం కష్టం.

తెలుగులో ‘నేను వెళుతున్నాను’ అని ఎవరైనా అనవచ్చు. ‘మీరు’, ‘నువ్వు’ కూడా ఎవరికైనా చెల్లుతాయి. మనిషి ఎదురుగా ఉన్నంత సేపూ మన భాషలో సమస్యే లేదు. వారు గది దాటి వెళ్ళాకనే మొదలవుతుంది. అందువల్ల ఇది ఆ సహోద్యోగి వినని చోట మనం ఎలా మాట్లాడతామన్న ప్రశ్న అని నాకు తోస్తున్నది.

సుంకి మలుపు గారికి: అటెండరు మాట మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ దానికి మందు కొత్తగా వచ్చిన వారిని కిందికి దించడం కాదు కదా.

వంశధార, బరంపురం:

నేను నాన్‌బైనరీ వ్యక్తిని. బరంపురంలో ఒక కార్యాలయంలో లెక్కలు రాస్తాను. నా ఒక్క అనుభవమే చెబుతాను. మీ సహోద్యోగి వేరుగా కోరుకోవచ్చు. నాగావళి గారు చెప్పిన వ్యాకరణమంతా నాకు నచ్చింది గానీ, నా ఈడు స్నేహితులు నన్ను ‘వారు’ అంటే నాకే ఎవరో పెద్దలు వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. మేము ‘తను’ వాడుకుంటాము. ‘తను ఇంకా రాలేదు’, ‘తన సంచి ఇక్కడే ఉన్నది’, ‘తను వచ్చేశారు’. ‘తను వచ్చేశారు’లో ఏకవచనం, బహువచనం కలిసిపోయాయని పండితులు ముఖం చిట్లించవచ్చు. ‘ఆయన వచ్చారు’లోనూ కలిసే ఉన్నాయి, దానిని ఎవరూ తప్పు పట్టడం లేదు.

పిలుపుల దగ్గర నాకు ఎక్కువ తగులుతుంది. మా దగ్గర పేరు పెట్టి పిలవడం తక్కువ. ఒడియాలో ‘భాయి’, ‘దీదీ’, తెలుగులో ‘అన్నా’, ‘అక్కా’. ఒడియా సర్వనామం నన్ను ఏమీ అడగదు గానీ, ఒడియా వరుస అడుగుతుంది. నేను మా కార్యాలయంలో పేరుకు ‘గారు’ చేర్చమన్నాను. ‘శ్రీ’, ‘శ్రీమతి’, ‘కుమారి’ ఏదీ అక్కరలేని మాట అది.

మహేంద్రతనయ గారూ, మీరు ముందుగా అడగవలసినది ఒకటి ఉన్నది. ఆ విషయం ఎవరెవరికి తెలియవచ్చునని మీ సహోద్యోగిని అడిగారా? శాఖలో చెప్పుకున్న మాట కాశీనగరం సంఘాల్లో తెలియాలని వారు కోరుకోకపోవచ్చు. వారు అద్దెకు ఉన్న ఇల్లు, ఇంటి యజమాని, ఊళ్ళో చుట్టాలు, అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. వాట్సాప్ గుంపులో పొరపాటు దిద్దుతూ పెద్ద క్షమాపణ రాయడం కూడా వద్దు; నలుగురూ అదేమిటని ఆరా తీస్తారు. మాట జారితే వెంటనే సరిచేసుకుని, పని సంగతిలోకి వెళ్ళిపోండి.

ధ్రువపత్రం చూపించమని ఎవరైనా మెలిక పెడతారేమో, అది కూడా చెబుతాను. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో, మనిషి తన లింగ గుర్తింపును తానే నిర్ణయించుకోవచ్చునని తీర్పు ఇచ్చింది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ఉద్యోగంలో వివక్ష కూడదన్నది. గుర్తింపు పత్రం జిల్లా కలెక్టరు దగ్గర తీసుకోవాలన్నది. పత్రం రికార్డులకు పనికివస్తుంది. ‘వచ్చాడు’ను ‘వచ్చారు’గా మార్చుకోవడానికి ఏ పత్రమూ అక్కరలేదు. అలాగని ట్రాన్స్‌జెండర్ అనగానే అందరినీ ‘వారు’ అనేయకండి. ఒడిశా ఆర్థిక సేవలో గెజిటెడ్ అధికారిగా ఉన్న ఐశ్వర్య రుతుపర్ణ ప్రధాన్ గారు 2014 తీర్పు తరువాతనే తన గుర్తింపును రికార్డుల్లో మార్పించుకున్నారు; ఆమె స్త్రీ. ఎంతో కష్టపడి తెచ్చుకున్న ‘ఆమె’ను మన మర్యాద పేరుతో లాగేసుకోకూడదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. వంశధార గారు చెప్పినట్టు ముందు వారినే అడిగాను. శాఖలో అందరికీ తెలియవచ్చునని, ఊళ్ళలో మాత్రం చెప్పవద్దని అన్నారు. ‘వారు’, ‘తను’ రెండూ ఫరవాలేదట. ‘చేసినది’ గురించి అడిగితే నవ్వి, ‘ఆ రోజు రసీదు పుస్తకం నేనో, నేను రసీదు పుస్తకమో అర్థం కాలేదు సార్’ అన్నారు.

సుంకి మలుపు గారి మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది, ఎందుకంటే మా అటెండరుకు యాభై మూడేళ్ళు, నేను పదకొండేళ్ళుగా ఆయనను ‘వాడు’ అనే అంటున్నాను. శాఖలో ఎవరి గురించి మాట్లాడినా ‘వచ్చారు, వెళ్ళారు’ అనే అనాలని ఉదయం సమావేశంలో చెప్పాను. ఎవరి కోసమని చెప్పలేదు. మొదటి రెండు రోజులు అందరూ నాటకంలో పాత్రల్లా మాట్లాడుకున్నారు. అటెండరు గారు మూడో రోజు టీ గ్లాసు నా ముందు పెట్టి, ‘నన్నెందుకు బాబూ అంత పెద్దోణ్ణి చేసేస్తన్నారు, ఏటైనా తప్పు సేసినానా?’ అని అడిగారు. ఉద్యోగం తీసేసే ముందు మర్యాద చేస్తున్నామని ఆయన అనుమానం! నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది.

సంఘాల మహిళలకు నేను ఏమీ చెప్పవలసిన పని పడలేదు. మొన్న కాశీనగరం వెళితే, సంఘం అధ్యక్షురాలు వీధి చివర నుంచే మా ఇద్దరినీ చూసి, లోపలికి కేక వేసింది: ‘ఒలే, పుస్తకాలు తియ్యండి, ఆఫీసోరొచ్చేరు!’ మా సహోద్యోగి నా వైపు చూసి కనుబొమలు ఎగరవేశారు.

హాజరు పట్టీలో ముందే అచ్చయి ఉన్న ‘శ్రీ/శ్రీమతి’ గడి సంగతి మాత్రం తేలలేదు. పై కార్యాలయానికి రాశాను. ప్రస్తుతానికి ఆ గడిలో వారు రోజూ చిన్న గీత ఒకటి గీసి, పక్కన సంతకం పెడుతున్నారు.