కాలువ మీది ‘లాకు’కు వేరే తెలుగు మాట అవసరమా?

ఆత్రేయపురం మాస్టారు:
బడి పిల్లల కోసం మేము కూర్చుతున్న ఇంగ్లీషు–తెలుగు పదపట్టికలో ‘లాక్’ దగ్గర అభిప్రాయభేదం వచ్చింది. తాళం, తాళం వేయడం అనే అర్థాలు చాలునని కొందరు, కాలువ మీది కట్టడానికి ‘జలబంధం’ అనే కొత్త మాట చేర్చాలని మరికొందరు అంటున్నారు. మన పిల్లలకు ‘లాకు’ అనే మాటనే అర్థంగా ఇవ్వాలని నా వాదన. పెద్దలు తమ అభిప్రాయం తెలుపగలరు.

అమలాపురం పాఠకుడు:
మాస్టారూ, ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసి అదే అర్థమనడం నాకు సమ్మతం కాదు. కాలువలు లేని జిల్లాలో చదివే పిల్లవాడికి ఆ మాట వినగానే తలుపు తాళమే తోస్తుంది. ‘బంధం’లో నీటిని ఆపడం స్పష్టంగా ఉంది, పాఠాల్లో చదివితే అదీ అలవాటవుతుంది.

ధవళేశ్వరం వాసి:
ఆ ‘ఆపడం’ దగ్గరే నాకు అభ్యంతరం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. దాని కింది కాలువలు సాగుకే కాక పడవల రాకపోకలకూ ఉద్దేశించినవి. నేల సముద్రం వైపు వాలి ఉంటుంది కనుక కాలువ మట్టం అంచెలుగా దిగాలి. అలాంటి అంచె దగ్గర ఎగువన ఒక జత, దిగువన ఒక జత తలుపులు పెట్టి, పడవ మధ్య గదిలోకి రాగానే వెనుక తలుపులు మూసి, ముందున్న మట్టానికి సమానమయ్యేదాకా నీటిని నింపడమో వదలడమో చేసి, అప్పుడు ముందు తలుపులు తెరుస్తారు. పడవను దాటించే ఈ పని ‘జలబంధం’లో ఎక్కడుంది?

ఇంగ్లీషు మాటకు మూలమైన పాత రూపానికి గడియతో పాటు మూసి ఉన్న చోటు అనే అర్థమూ ఉండేది. కాలువ అర్థం ఆ కుదురులోదే. జుట్టు పాయను చెప్పే ‘లాక్’ మాత్రం పుట్టుకలోనే వేరు, పలుకు ఒక్కటైంది. దానిని పట్టికలో విడి పదంగా చూపండి.

ఇక మన వాడుక చూడండి. ఫోనును ‘లాక్’ చేస్తాం, ‘లాకు’ చేయం. కాలువ మీది దానిని మాత్రం ‘లాకులు’ అంటాం. బస్సులో కండక్టరుకు ‘లాకుల దగ్గర ఆపండి’ అని చెప్తాం. ఉకారం చేరి, బహువచనం కుదిరి, ఊరి పేరుతో అతుక్కుపోయిన మాటను ఇంకా పరాయిదనడం అన్యాయం. లొల్ల లాకులను లొల్ల జలబంధం అని పిలవమని ఆ ఊరివారికి ఎవరు చెప్పగలరు?

అమలాపురం పాఠకుడు:
పడవ సంగతి ఒప్పుకుంటున్నాను, ‘జలబంధం’ సరిపోదు. అయితే జనం నీటిని పంచే రెగ్యులేటరును కూడా, పడవ దాటే గది ఉన్నా లేకపోయినా, లాకులనే అంటారు. మీ వివరణ ఒక్కటే ఇస్తే పిల్లలు తమ ఊరి షట్టర్లు చూసి తికమకపడతారు.

ఆత్రేయపురం మాస్టారు:
ఆ మాట న్యాయమైనది. ‘లాకు’ అని ఇచ్చి, పడవ దాటే గదిని మొదటి అర్థంగానూ, కాలువ షట్టర్లున్న చోటును జనవాడుకలోని రెండవ అర్థంగానూ రాస్తాము. రెగ్యులేటరుకు పశ్చిమ డెల్టాలో వేరే పలుకుబడి ఉంటే నిడదవోలు, తణుకు వైపు మిత్రులు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.