జకార్తా వెళ్తున్నాం, తిండి సంగతి కాస్త చెప్పండి

కొత్తకాపురం:
జకార్తాలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. తను పూర్తి శాకాహారి, నాకు ఏదైనా పర్లేదు. బయట తిండికి ఇబ్బంది పడతామా? ఇరుగుపొరుగుతో ఎలా మెలగాలి? అద్దెకు దిగాక ఎవరికైనా చెప్పాలా? అక్కడున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

నేతిబీర:
'దాగింగ్ వద్దు' అని చెప్పేసి ధీమాగా కూర్చోకండి. నేను కూర్చున్నా. కూరగాయల పులుసులో కోడిముక్కలు తేలాయి. ఇదేంటమ్మా అంటే ఆ అమ్మాయి నిజంగానే తెల్లబోయి 'ఇది దాగింగ్ కాదు, ఆయమ్' అంది. మామూలు మాటల్లో వాళ్లకి దాగింగ్ అంటే గొడ్డుమాంసం లాంటిదే, కోడి లెక్క వేరు, చేప లెక్క వేరు. ఒక్కోదాన్నీ పేరుపెట్టి వద్దనాలి. అది దాటారా, తెరాసి. రొయ్యల్ని పులియబెట్టి చేసిన ముద్ద అది. మిరపకాయల పచ్చడి సంబల్లో ఉంటుంది, గాడో-గాడో మీద పోసే వేరుశనగల సాస్‌లోనూ చాలాచోట్ల ఉంటుంది. పైకి చూస్తే ఉడికిన కూరగాయలూ టోఫూయే. ఏడాదిన్నర లొట్టలేసుకుంటూ తిన్నాక తెలిసింది నాకు, మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

సురబాయ14:
14 ఏళ్లుగా సురబాయలో ఉంటున్నా, ఈ ఏడుపులు నా దగ్గర వద్దు. తెరాసి లేకుండా చేయమంటే చేసిస్తారు, అడగడం రావాలి. టెంపె పుట్టిన జావాలో శాకాహారికి కష్టమా? ఉడికించిన సోయా గింజలకి బూజు పట్టించి అచ్చుగా కడతారు. పల్చగా కోసి కరకరలాడేలా వేయించి పప్పుచారులో నంజుకోండి, వడియాలు మర్చిపోతారు. మీరు మాత్రం ముందు పడాంగ్ హోటల్‌కి వెళ్లండి. కూర్చోగానే అడక్కుండానే పది పన్నెండు ప్లేట్లు ఒకే చేతిమీద పేర్చుకొచ్చి టేబుల్ నింపేస్తారు. తిన్నవాటికే డబ్బు, ముట్టనివి వెనక్కి తీసుకెళ్తారు. కొబ్బరిపాలు ఇగిరిపోయి ముక్కకి నల్లగా పట్టేదాకా గంటల తరబడి ఉడికిన రెండాంగ్, అబ్బా!

గోదారిపిల్ల:
వెనక్కి తీసుకెళ్లి ఏం చేస్తారో కూడా చెప్పండి సార్. ఇంకో టేబుల్ మీద పెడతారు. ఎంగిలి అది.

సురబాయ14:
ముట్టందే ఎంగిలి ఎలా అవుతుందండీ? మన పెళ్లి బఫేల్లో గిన్నెల మీదకి వంగి కబుర్లు చెప్పేవాళ్లని ఎప్పుడూ చూడలేదా?

గోదారిపిల్ల:
బఫేలో గరిటె ఉంటుంది. ఇక్కడ ప్లేట్లు మన మూతి ముందే ఉంటాయి. మా పిల్లాడు సరిగ్గా వాటి మీదే తుమ్మాడు. సిగ్గుతో ఆ మూడు ప్లేట్లూ మేమే ఉంచుకుని బిల్లు కట్టాం. మా ముందు కూర్చున్నవాళ్లు కూడా అలాగే కట్టారని ఏంటి నమ్మకం?

రాత్రిషిఫ్టు:
హహ. నిమ్మచెక్క వేసిన గిన్నెలో నీళ్లు పెడతారు చూడండి, నేను చారనుకుని తాగేశా. చేతులు కడుక్కోవడానికట! సర్వర్ కుర్రాడు నవ్వలేదు పాపం, ఇంకో గిన్నె తెచ్చిపెట్టి వెళ్లాడు. 'మస్, సారీ' అన్నా.

నేతిబీర:
పడాంగ్ హోటల్లో మస్ ఏంటి, అది జావా పిలుపు. ఆ వంట పశ్చిమ సుమత్రా మినాంగ్‌కబావ్ వాళ్లది, 'ఉడా' అనండి. అన్నా అని పిలిచినట్టు.

సురబాయ14:
మా వీధి పడాంగ్ హోటల్లో ఉన్నదంతా జావా కుర్రాళ్లే. పుస్తకాల్లో చదివి సలహాలివ్వకండి.

నేతిబీర:
మీ సురబాయ వాళ్లు పళ్లూ కూరగాయ ముక్కలూ కలిపి చేసే రుజక్‌లో వేసే నల్లటి పెతిస్ కూడా రొయ్యలదే కదా, 14 ఏళ్లలో వాసన రాలేదా మరి? శాకాహారికి దారి చెప్పండయ్యా అంటే రెండాంగ్ గురించి పాట పాడతారు. అది గొడ్డుమాంసం!

చిట్టీలక్క:
మీరు కొట్టుకుంటూ ఉండండి. తమ్ముడూ, మీ ఆవిడని వీధిలో ఆడవాళ్ల అరిసాన్‌లో చేరమను. నెలనెలా అందరూ సమానంగా వేస్తారు. గ్లాసులో పేర్ల చుట్టలు వేసి, పైన కాగితం బిగించి కన్నం పెట్టి ఊపుతారు. ఏ చుట్ట బయటపడితే ఆ నెల డబ్బంతా ఆవిడది. మన చిట్టీలాగా పాట ఉండదు, కమిషన్ ఉండదు. నేను బాండుంగ్ వచ్చిన కొత్తలో ఆరు నెలలు ఎవరితోనూ మాట కలవలేదు, నా పేరు పడిన రోజు మా ఇంట్లో పులిహోర పెట్టా. కెచాప్ మానిస్ పోసుకుని తిన్నారు! ఆ తియ్యటి సోయా సాస్ పులిహోర మీద చూసి కళ్లు మూసుకున్నా, కానీ గిన్నె మాత్రం ఖాళీ అయింది. ఇంకోటి, పిల్లలెంతమంది, పెళ్లయిందా అని మొహమాటం లేకుండా అడుగుతారు. పెళ్లి కాకపోతే 'తిడాక్' అని కొట్టిపారేయకూడదు, 'బెలుమ్' అనాలి. ఇంకా లేదు అని. తిన్నావా అన్నా అంతే.

రాత్రిషిఫ్టు:
ఉద్యోగం అన్నారు కాబట్టి చెప్తున్నా, టీహెచ్‌ఆర్ సంగతి ఆఫర్ లెటర్‌లో చూసుకోండి. పండగ బోనస్ అది, ఏడాది నిండితే ఒక నెల జీతం, పండక్కి కనీసం 7 రోజుల ముందే ఇవ్వాలి. నా పాత కంపెనీ ఇస్తాం ఇస్తాం అంటూ పండగ దాటించింది. అవతల రంజాన్ పండగ లెబరాన్‌కని డ్రైవరూ పనమ్మాయీ ఊళ్లకి పోయారు, జకార్తా సగం ఖాళీ, నేనొక్కణ్ణే ఇండోమీ నూడుల్స్ ఉడకబెట్టుకుంటూ.

గోదారిపిల్ల:
ఎంగిలి సంగతి ఎవరూ తేల్చలేదు.

సురబాయ14:
ఇంట్లో వండుకోండమ్మా.

కొత్తకాపురం:
వచ్చి మూడు వారాలైంది. అద్దెకు దిగితే చెప్పాలా అన్నదానికి మీరెవరూ జవాబివ్వలేదు, చివరికి వీధి పెద్ద, ఆర్‌టీ అంటారట, ఆయనే వచ్చి కాగితాలు అడిగి రాసుకెళ్లారు. పోతూ పోతూ 'సుదా మకాన్?' అన్నారు. తిన్నారా అని. చిట్టీలక్క చెప్పినట్టే మా ఆవిడ 'బెలుమ్' అంది. పావుగంటలో ఆయన భార్య ప్లేటునిండా అన్నం, టెంపె, పక్కన ఎర్రటి సంబల్ తెచ్చి, తినేదాకా కదలనన్నట్టు గుమ్మంలో నిలబడింది. వాసన చూస్తే తెరాసే.

నేతిబీర:
తిన్నారా?

కొత్తకాపురం:
టెంపె తను, సంబల్ నేను.

చిట్టీలక్క:
ప్లేటు ఖాళీగా తిరిగివ్వకండి.