డిశ్చార్జి ఆలస్యంపై పేపర్ సిద్ధంగా ఉంది, ఏ జర్నల్‌కు పంపాలి?

గుణదల లెక్చరర్
విజయవాడలో ఒక ప్రైవేటు కళాశాలలో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ బోధిస్తున్నాను. మూడు ఆసుపత్రుల్లో డిశ్చార్జి ఆలస్యంపై ఎనిమిది నెలలు తిరిగి డేటా సేకరించాను. రోగిని ఇంటికి పంపవచ్చని డాక్టరు కేసు షీటులో రాసిన నిమిషం నుంచి మంచం ఖాళీ అయిన నిమిషం దాకా లెక్క. మొత్తం 384 మంది. నమ్మదగిన జర్నళ్ల పేర్లతో యూజీసీ ఇచ్చిన కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో పోయింది కదా, అప్పటి నుంచి పదోన్నతికి ఏ జర్నల్ చెల్లుతుందో మా కళాశాలలో ఒక్కరూ తేల్చి చెప్పడం లేదు. పేపర్ల వివరాలు పోగుచేసే స్కోపస్ డేటాబేస్‌లో ఉంటే చాలని ఒకరు, డబ్బు తీసుకునే జర్నల్ అయితే ఒప్పుకునేది లేదని మరొకరు. ఇదంతా పక్కన పెట్టి, ఇప్పటికే వచ్చిన పేపర్లను లెక్కపెట్టే బిబ్లియోమెట్రిక్ పేపర్ రాసుకోమని, అది త్వరగా పడుతుందని మా గైడ్ సలహా. ఈ మధ్య హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ పేపర్లు వేసినవారు ఎక్కడ వేశారు, ఎంత కాలం పట్టింది, ఎంత కట్టారు?

బ్రాడీపేట
జాబితాలను నమ్ముకోకండి మేడమ్. నా పేపర్ 2017లో యూజీసీ ఆమోదించిన జాబితాలోని జర్నల్‌లోనే పడింది. జాబితాలో ఆ పేజీని ప్రింటు తీసి ఫైలులో దాచుకున్నాను కూడా. 2018 మేలో ఒక్కసారిగా 4,305 జర్నళ్లను తీసేశారు, నాదీ అందులోనే పోయింది. ఇంటర్వ్యూలో ఆ పేపర్ చూపిస్తే చదవకుండానే బల్ల మీద నా వైపు నెట్టారు. రెండేళ్లు ఓపీ వరుసల్లో నిలబడి, రోగి చీటీ తీసుకున్న సమయం, డాక్టరు గదిలోకి వెళ్లిన సమయం చేత్తో రాసుకున్న డేటా అది. తర్వాత కేర్ వచ్చింది, అదీ పోయింది. ఇప్పుడు కొన్ని ప్రమాణాలు చెప్పి, జర్నల్‌ను మీ సంస్థలే తూచుకోవాలంటున్నారు. తూచేవారు ఉన్నారా అన్నదే నా బాధ.

గణాంకాల మాస్టారు
జర్నల్ సంగతి తర్వాత చూద్దాం. అమ్మా, ఆ 384 ఎక్కడి నుంచి వచ్చింది? గత పదేళ్లలో నా దగ్గరికి వచ్చిన మేనేజ్‌మెంట్ థీసిస్‌లలో సగానికి పైగా ఇదే అంకె. రోగుల సంతృప్తి అయినా 384, నర్సుల ఒత్తిడి అయినా 384, ఆరోగ్యశ్రీ మీద అవగాహన అయినా 384.

అమరావతి రోడ్డు ప్రొఫెసర్
మాస్టారూ, అది ఎంత మందిని అడగాలో చెబుతూ క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ఇచ్చిన పట్టికలోని అంకె. ప్రపంచమంతా వాడుతోంది. నేను ఇరవై ఆరేళ్లుగా గైడ్‌గా ఉన్నాను. నా కింద పీహెచ్‌డీ పొందిన వారిలో ఒక్కరిని కూడా పరీక్షకులు దీని మీద ఆపలేదు. కష్టపడి డేటా తెచ్చుకున్న అమ్మాయిని మొదటి మాటకే భయపెట్టడం పద్ధతి కాదు.

గణాంకాల మాస్టారు
పరీక్షకులు ఆపకపోతే లెక్క సరైనదైపోదు ప్రొఫెసర్ గారూ. ఆ పట్టికలో ఏముందో విడమరిచి చెబుతాను. 1.96ను 1.96తో గుణించండి. దాన్ని సగంతో, మళ్లీ సగంతో గుణించండి. వచ్చినదాన్ని 0.05 వర్గంతో భాగించండి. 384.16 వస్తుంది. అంటే చాలా పెద్ద జనాభాలో ఎంత శాతం మంది ఫలానా అన్నారో ఐదు శాతం అటూ ఇటూగా తెలుసుకోవడానికి, అదీ లాటరీ తీసినట్టు మనుషులను ఎంచుకున్నప్పుడు సరిపోయే సంఖ్య. ఈమె కొలిచింది శాతం కాదు, నిమిషాలు. నిమిషాలకు కావలసింది ప్రామాణిక విచలనం, అంటే అవి ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే అంకె, అది ముందుగా చేసే చిన్న పైలట్ అధ్యయనం నుంచి రావాలి. పైగా మూడే ఆసుపత్రులు. ఒక ఆసుపత్రిలోని రోగులందరూ ఒకే బిల్లింగ్ కౌంటర్ ముందు నిలబడతారు, వారి ఆలస్యాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. 384 మంది అనుకుంటున్నది నిజానికి అంతకంటే చాలా తక్కువ సమాచారం.

ఇంకొకటి. డిశ్చార్జి సమయాలు ఎప్పుడూ ఒక పక్కకు వాలి ఉంటాయి. ఎక్కువ మంది మధ్యాహ్నానికి వెళ్లిపోతారు, కొద్దిమంది ఇన్సూరెన్స్ రోగులు రాత్రి దాకా కూర్చుంటారు. సగటు తీస్తే ఆ కొద్దిమంది మొత్తం లెక్కను లాగేస్తారు. మధ్యగతం, అంటే వరుసలో సరిగ్గా నడిమి రోగి సమయం, ఇవ్వాలి. ఇవేవీ చూడకుండా పేపర్ పంపితే మంచి జర్నల్‌లో సమీక్షకుడు మొదటి పేజీలోనే పట్టుకుంటాడు. నేను నాలుగు జర్నళ్లకు గణాంక సమీక్ష చేస్తున్నాను, నేనూ అక్కడే పట్టుకుంటాను.

అమరావతి రోడ్డు ప్రొఫెసర్
ఆసుపత్రి గేటు దాటి లోపలికి రానివ్వని రోజుల్లో మేం పరిశోధన చేశాం. ఎంత మంది దొరికితే అంత మందిని అడిగాం. గదిలో కూర్చుని సూత్రాలు చెప్పడం తేలిక. లాటరీ తీసి రోగులను ఎంచుకోమంటే ఏ సూపరింటెండెంట్ ఒప్పుకుంటారు?

గణాంకాల మాస్టారు
దొరికినవారినే అడిగాం అని నిజం రాస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. యాదృచ్ఛికంగా ఎంచుకున్నాం అని రాయడమే తప్పు. అది అబద్ధం.

అమరావతి రోడ్డు ప్రొఫెసర్
అబద్ధం అన్న మాట వెనక్కి తీసుకోండి.

పీజీ రెండో సంవత్సరం
పెద్దవారు ఇద్దరూ క్షమించాలి. నేను కమ్యూనిటీ మెడిసిన్ పీజీని. నా గొడవ వేరు. నా పేపర్‌లో ఇప్పుడు ఏడు పేర్లు ఉన్నాయి. ఇద్దరిని నేను ఎప్పుడూ చూడలేదు. బోధకుల పదోన్నతికి జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2022 నిబంధనలు రెండు పేపర్లు అడిగాయి, పేరు మొదటి ముగ్గురిలో ఉండాలి లేదా జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే కరెస్పాండింగ్ రచయిత అయి ఉండాలి. దానితో మొదటి మూడు స్థానాలకు పోటీ మొదలైంది. పని చేసిన నేను నాలుగో స్థానంలో ఉన్నాను. రచయిత కావాలంటే నాలుగు షరతులని వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ ఐసీఎంజేఈ చెబుతోంది: పనిలో గట్టి భాగం, రాతలో భాగం, చివరి ప్రతికి ఆమోదం, మొత్తానికి బాధ్యత. నాలుగూ ఉండాలి. ఆ కాగితం తీసుకెళ్లి చూపిస్తే, నీకు ఇంకా ఏడాది చదువు మిగిలి ఉంది గుర్తుంచుకో అన్నారు. ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేశారో చెప్పండి.

అమరావతి రోడ్డు ప్రొఫెసర్
బాబూ, అంశం ఇచ్చిన గైడ్ పేరు ఉండడం తప్పు కాదు.

పీజీ రెండో సంవత్సరం
అంశం కూడా నాదే సార్.

పటమట నర్సింగ్ ట్యూటర్
డిశ్చార్జి గురించి మొదలైన చర్చలో డిశ్చార్జి గురించి ఒక్కరూ మాట్లాడడం లేదు. పదకొండేళ్లు వార్డు ఇన్‌ఛార్జిగా చేశాను కాబట్టి చెబుతున్నాను. డాక్టరు పది గంటలకు రౌండు ముగించి ఆరుగురికి డిశ్చార్జి రాస్తారు. అప్పుడు నర్సు ఒక్కో మంచం పక్కనున్న అల్మారా తెరిచి, మిగిలిన ఇంజెక్షన్లు, సెలైన్ సీసాలు, గ్లౌజులు, వాడని క్యాన్యులాలు ట్రేలో పోసి లెక్కపెట్టాలి. దీన్ని మేం రిటర్న్స్ అంటాం. ఆ ట్రేను వార్డు బాయ్ కింది అంతస్తులోని ఫార్మసీకి తీసుకెళ్తాడు. పదకొండు గంటలకు ఫార్మసీ కిటికీ దగ్గర ఓపీ జనం. ట్రే బల్ల కిందకు వెళ్తుంది. వాళ్లు తీరిక చేసుకొని బ్యాచ్ నంబర్లు చూసి సొమ్ము తగ్గిస్తే తప్ప బిల్లు మూయడం కుదరదు. బిల్లు మూయనిదే ఇన్సూరెన్స్ వారికి పంపడం కుదరదు. నగదు రహిత రోగి డిశ్చార్జికి మూడు గంటల్లో తుది ఆమోదం ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది, సంతోషమే. కానీ ఆ గడియారం ఆసుపత్రి నుంచి అభ్యర్థన అందాకే మొదలవుతుంది. ట్రే బల్ల కింద ఉన్న రెండు గంటలు ఏ లెక్కలోనూ ఉండవు. మేనేజ్‌మెంట్ పేపర్లలో మాత్రం ఎప్పుడూ ఒకటే వాక్యం, నర్సింగ్ సిబ్బందికి శిక్షణ అవసరం అని. చదివినప్పుడల్లా కడుపు మండుతుంది.

తాడేపల్లి స్కాలర్
నర్సమ్మ గారు చెప్పినది నిజం. అసలు ప్రశ్నావళులే మన రోగుల కోసం తయారైనవి కావు. నేను సేవల నాణ్యత కొలిచే సర్వ్‌క్వాల్ ప్రశ్నావళి వాడాను. 1988లో అమెరికాలో బ్యాంకులు, మరమ్మతు సంస్థల వంటి సేవల కోసం చేసినది. 22 వాక్యాలు, ఏం ఆశించారని ఒకసారి, ఏం దొరికిందని ఒకసారి, అంటే ఒక్కో మనిషిని 44 సార్లు అడగాలి. తెలుగులోకి మార్చి తీసుకెళ్లాను. ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ పదో వాక్యం దగ్గర నా చేయి పట్టుకొని, ఈ కాగితం ఆ నర్సమ్మకు చూపిస్తావా అని అడిగింది. చూపించనమ్మా అన్నాను. అయినా అన్నిటికీ అయిదే వేయించింది. ఆ వరుసంతా అయిదులే. పట్టికలో చూస్తే అద్భుతమైన సేవ. ఆ వార్డులో సంతృప్తి కొలిచానా, భయం కొలిచానా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. ఆ వార్డులోని 40 కాగితాలు థీసిస్‌లో వాడలేదు.

కొత్తపేట
గుంటూరులో వచ్చే నెల అంతర్జాతీయ సదస్సు అని మెసేజి వచ్చింది, రుసుము కడితే పేపర్ ప్రచురణ కూడా ఇస్తారట. నమ్మవచ్చా?

లైబ్రేరియన్, గుంటూరు
గుణదల మేడమ్ అడిగినదానికి వస్తాను. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందని జర్నల్‌ను నమ్మకండి. అది పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. స్కోపస్‌లో ఉందని జర్నల్ వారి వెబ్‌సైటు చెబితే నమ్మకండి, స్కోపస్ జాబితాలోనే పేరు వెతికి, ఏ సంవత్సరం దాకా చేర్చారో చూడండి. మధ్యలో ఆపేసినవి చాలా ఉన్నాయి. పేరున్న జర్నల్ వెబ్‌సైటును అచ్చు గుద్దినట్టు తయారుచేసి డబ్బు వసూలు చేసేవారు ఉన్నారు. పోయిన ఏడాది మా దగ్గరికి వచ్చిన ఒక స్కాలర్ అలాగే ముప్పై వేలు పోగొట్టుకున్నాడు.

పెద్ద పేరు కూడా రక్ష కాదు. హిందావీ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థను అంతకంటే పెద్ద ప్రచురణ సంస్థ వైలీ 2021లో 29.8 కోట్ల డాలర్లకు కొన్నది. 2023లో అదే హిందావీ ఎనిమిది వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకుంది. ఆరోగ్య రంగానికి సాంకేతికత అన్వయించే మనవాళ్లు ఎంతో మంది రాసిన జర్నల్ ఆఫ్ హెల్త్‌కేర్ ఇంజనీరింగ్‌ను మూసేసింది. అదే ఏడాది స్కోపస్ వంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్ తన జాబితా నుంచి ఎండీపీఐ ప్రచురణ సంస్థ వారి ఐజేఈఆర్‌పీహెచ్ జర్నల్‌ను తొలగించింది. పబ్లిక్ హెల్త్‌లో అంత పెద్ద జర్నల్‌కే ఆ గతి పట్టింది.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకంతో చదవడానికి దారి తెరుచుకుంది, 2025 జనవరి నుంచి దాదాపు 13,000 జర్నళ్లు. కానీ అది ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కళాశాలలో ఉన్న మేడమ్‌కు ఇప్పటికి అందదు. చదవడానికి దొరకని జర్నల్‌లో ప్రచురించమని అడగడం అన్యాయం అని నా అభిప్రాయం.

ఎన్‌ఆర్‌పేట
బిబ్లియోమెట్రిక్ గురించి ఎవరూ చెప్పలేదు. స్కోపస్ నుంచి రెండు వేల పేపర్ల వివరాలు దింపుకొని, లైడెన్ విశ్వవిద్యాలయం వారి వీఓఎస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సాయంత్రానికి రంగు చుక్కల పటం వస్తుంది. ఏ దేశం ఎన్ని, ఏ పదం ఎన్నిసార్లు. ఆ రెండు వేలలో ఒక్కటి కూడా చదవనవసరం లేదు. హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్‌లో ఈ నాలుగేళ్లుగా ఏది తెరిచినా ఇదే. ఎనిమిది నెలలు వార్డుల్లో తిరిగిన మనిషిని అటు పంపకండి.

తాడేపల్లి స్కాలర్
అందరినీ ఒకే గాటన కట్టకండి. ఆరోగ్యశ్రీ మీద వచ్చిన పేపర్లను నేను అలాగే పోగుచేసి, ఒక్కొక్కటీ చదివాను. 2007లో పథకం మొదలైనప్పటి నుంచి రోగుల జేబు ఖర్చు మీద రాసినవారు ఎందరో, ఆసుపత్రికి సొమ్ము ఎన్ని రోజులకు అందుతుందో రాసినవారు అతి తక్కువ అని అలాగే తెలిసింది. పటం తప్పు కాదు, చదవకపోవడం తప్పు.

ఎథిక్స్ కమిటీ సభ్యుడు
గుణదల మేడమ్ గారూ, ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? మేనేజ్‌మెంట్ కళాశాలల్లో కమిటీయే ఉండదు, సూపరింటెండెంట్ లేఖ తీసుకొని పని మొదలుపెడతారు. లేఖ వేరు, అనుమతి వేరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రోగుల సమాచారంతో చేసే పరిశోధన ఏదైనా ఎథిక్స్ కమిటీ ముందుకు రావాలి. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద వచ్చిన 2019 నియమాల తర్వాత ఆ కమిటీ కూడా నమోదై ఉండాలి. మంచి జర్నల్ మొదట అడిగేది అనుమతి సంఖ్య, తేదీ. డేటా తీసుకున్నాక వెనక తేదీతో ఏ కమిటీ ఇవ్వదు, ఇవ్వకూడదు.

గుణదల లెక్చరర్
మూడింటిలో ఒక్కదానిలోనే కమిటీ అనుమతి ఉంది. మిగతా రెండింటిలో లేఖలు మాత్రమే. అనుమతి ఉన్నచోట 131 మంది రోగులు. అంటే మిగతా 253 మంది పోయినట్టేనా?

ఎథిక్స్ కమిటీ సభ్యుడు
ప్రచురణ వరకు ఆ డేటా పనికిరాదు, పోయినట్టే. చెప్పడానికి నాకూ కష్టంగా ఉంది.

అమరావతి రోడ్డు ప్రొఫెసర్
లేఖతో పంపి చూడమ్మా. ఒప్పుకునే జర్నళ్లు ఉన్నాయి. 131తో ఎవరు తీసుకుంటారు?

గణాంకాల మాస్టారు
నేను తీసుకుంటాను. ఒకే ఆసుపత్రి అని పేపర్ పేరులోనే రాయండి. వరుసగా వచ్చిన రోగులేనా?

గుణదల లెక్చరర్
అవును మాస్టారూ, ఆదివారాలు తప్ప ఆ పదకొండు వారాల్లో డిశ్చార్జి అయిన సర్జరీ వార్డు వారందరూ.

గణాంకాల మాస్టారు
అయితే అది ఏరి తెచ్చిన 384 కంటే మేలు. ఒక్కో దశకు విడిగా సమయం రాశారా, మొదలూ చివరా మాత్రమేనా?

గుణదల లెక్చరర్
సమ్మరీ టైపు అయినది, డాక్టరు సంతకం, బిల్లు మూసినది, ఇన్సూరెన్స్ ఆమోదం, మంచం ఖాళీ. అయిదు సమయాలు ఉన్నాయి.

పటమట నర్సింగ్ ట్యూటర్
రిటర్న్స్ ట్రే వార్డు దాటిన సమయం?

గుణదల లెక్చరర్
లేదండీ. బిల్లింగ్ ఆలస్యం అని అంతా ఒకే గడిలో వేశాను. పేపర్‌లో దానికి కారణం సిబ్బంది కొరత అని రాశాను.

పటమట నర్సింగ్ ట్యూటర్
ఆ వాక్యం కొట్టేయండి. ఫార్మసీ కంప్యూటర్‌లో ప్రతి రిటర్న్‌కూ ఎంట్రీ సమయం నిలిచి ఉంటుంది. వార్డు దాటిన సమయం నర్సుల రిటర్న్స్ పుస్తకంలో, వార్డు బాయ్ సంతకం పక్కన ఉంటుంది. 131 మందికీ రెండూ దొరుకుతాయి. కమిటీకి సవరణ దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాక వెళ్లండి. మధ్యాహ్నం రెండు తర్వాత వెళితే పుస్తకం ఇస్తారు, ఉదయం ఎవరికీ తీరిక ఉండదు.

గుణదల లెక్చరర్
దరఖాస్తు ఈ రాత్రే రాస్తున్నాను మేడమ్. ఆ పుస్తకంలో ఏ గడులు ఉంటాయో ఒకసారి చెప్పగలరా?