నా పైసలు పెట్టి కొన్న ఫోన్‌ని అన్‌లాక్ చేస్కోనీకి 168 గంటలు ఆగాల్నంట, ఎవరన్న చేసిన్రా?

కాజీపేట_పోరడు:

అందరికీ నమస్తే, పోస్టు జర పెద్దగున్నది, ఓపికతోని చదవండి. 2021ల 16 వేలు పెట్టి ఫోన్ తీస్కున్న, కంపెనీ పేరెందుకులే. ఫోన్ ఇప్పటికీ మస్తుగున్నది, పోయినేడు బ్యాటరీ మార్పించిన, స్క్రీన్ మీద ఒక్క గీత లేదు. కానీ అప్‌డేట్లు ఎప్పుడో బంద్ అయినయి, సెక్యూరిటీ ప్యాచ్ తీసి చూస్తే 2023 అని ఉంటది. దానికి తోడు యాడ్స్, ఫైల్ మేనేజర్‌ల ఒక పీడీఎఫ్ డిలీట్ చేస్తే కింద లోన్ యాప్ యాడ్ వస్తది, మా అమ్మ మొన్న ఫోటోలు చూద్దామని ఫోన్ తీస్కుంటే లాక్ స్క్రీన్ మీద ఏదో వార్త ఒత్తుకుని ఇంకేదో యాప్ ఎక్కింది, ఎట్ల ఎక్కిందో ఆమెకూ తెల్వదు నాకూ తెల్వదు.

అందుకని కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి లీనేజ్ఓఎస్ అనే వేరే ఆండ్రాయిడ్ వేద్దామని కూసున్న. దానికి ముందు బూట్‌లోడర్, అంటే ఫోన్ ఆన్ కాంగనే ఓఎస్‌ని లేపే ప్రోగ్రాం, దాని తాళం తియ్యాలె, అన్‌లాక్ అంటే గదే. సెట్టింగ్స్‌ల బిల్డ్ నంబర్ ఏడుసార్లు కొట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరిచిన, ఆ తాళం తియ్యనిచ్చే ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసిన, ఆడిదాకా మంచిగనే ఉంది. అటెన్క కంపెనీ అకౌంట్‌తోని లాగిన్ కావాల్నంట, అదీ వైఫై మీద కాదు, సిమ్ వేసి మొబైల్ డేటా మీదనే. అయినంక వాళ్ళ టూల్ విండోస్ మీద తప్ప నడ్వదు, నా సిస్టం ఉబుంటు, మా బావమరిది ల్యాప్‌టాప్ బతిమాలి తెచ్చుకున్న. అన్నీ చేసి కేబుల్ పెట్టి బటన్ ఒత్తితే ఏమొచ్చిందనుకున్నరు? 168 గంటల తర్వాత మళ్ళ ప్రయత్నించండి అని. వారం రోజులు! నేనేమన్న వాళ్ళ ఇంట్ల కిరాయికి ఉంటున్ననా? బండి కొన్నోడు సైలెన్సర్ మార్చుకోవాలంటే షోరూమోణ్ణి అడుగుతడా?

అడిగేది ఏందంటే, అన్‌లాక్ చేసినంక యూపీఐ యాప్‌లు, బ్యాంక్ యాప్ నడుస్తయా, జియో సిమ్‌తోని ఏమన్న లొల్లి ఉంటదా, ఇంకా ఇదంత లీగలేనా, మా దోస్తు ఒకడు కేసైతది అని బెదిరిస్తుండు.

బెజవాడ_రోమ్‌రాజా:

బ్రో నేను 2014 నుంచి ఈ పిచ్చిలోనే ఉన్నా, అప్పట్లో సైనోజెన్‌మాడ్ అనే ఆండ్రాయిడ్ ఉండేది, 2016 డిసెంబర్లో దాన్ని నడిపే కంపెనీ చేతులెత్తేశాక అదే కోడ్ పట్టుకుని లీనేజ్ఓఎస్ మొదలెట్టారు. ఆ రోజుల్లో సగం ఫోన్లకి అన్‌లాక్ అంటే కంప్యూటర్ నుంచి కొట్టే ఒక్క ఫాస్ట్‌బూట్ కమాండ్, టీ తాగేలోపు అయిపోయేది. వారం ఆగడం ఎంత నయమో నీకు తెలీదు, 2018లో హువావే అన్‌లాక్ కోడ్లు ఇవ్వడమే ఆపేసింది, 2025లో శాంసంగ్ ఫోన్ల సాఫ్ట్‌వేర్ వన్ యూఐ 8 వచ్చాక ఓఈఎం అన్‌లాకింగ్ ఆప్షనే కనపడట్లేదు. అంటే నీకు ఇంకా తలుపు ఉంది, వాళ్ళకి గోడ కట్టేశారు.

పనికొచ్చే మాటలు చెప్తా. ముందు ఫోన్ పేరు చూసి రోమ్, అంటే ఎక్కించే ఓఎస్ ఫైల్, దించకు, మోడల్‌కి లోపల ఉండే కోడ్‌నేమ్ చూడు, ఒకే పేరుతో రెండు చిప్‌లు పెట్టి అమ్మిన మోడల్స్ ఉన్నాయి, ఒకదానిది ఇంకోదానికి ఎక్కిస్తే ఫోన్ కాస్తా పేపర్‌వెయిటే. అన్‌లాక్ కొట్టగానే డేటా మొత్తం తుడుచుకుపోద్ది, ఫోటోలు, వాట్సాప్ అన్నీ ముందే తీసి పెట్టుకో. రోమ్ ఎక్కించే కస్టమ్ రికవరీ అనే టూల్ ఫోన్లో పెట్టాక ముందు చెయ్యాల్సింది ఈఎఫ్ఎస్, పర్సిస్ట్ అనే స్టోరేజ్ భాగాలు బ్యాకప్ తీసి వేరే చోట దాచడం, ఫోన్ గుర్తింపు నంబర్ ఐఎంఈఐ పోతే తర్వాత సిమ్ పెట్టినా రాయి పెట్టినా ఒకటే.

జియో గురించి అడిగావు కదా, ఇది మాత్రం గట్టిగా చూసుకో. జియోకి 2జీ 3జీ లేవు, కాల్ అంటే వోల్టే మీదే, అంటే 4జీ నెట్ మీదే కాల్ పోవాలి. రోమ్‌లో వోల్టే సరిగ్గా లేకపోతే డేటా శుభ్రంగా వస్తది, యూట్యూబ్ ఆడుద్ది, కాల్ మాత్రం కలవదు. మా నాన్న ఫోన్‌కి నేను ఇలాగే రోమ్ వేసి గొప్పగా ఇచ్చా, ఆయన జియో, రెండు రోజులు ఎవరి కాలూ కలవలేదు, మూడో రోజు పొద్దున్నే గుడివాడ నుంచి మా పెద్దమ్మా పెదనాన్నా బస్సెక్కి దిగిపోయారు ఏమైందో ఏమోనని. ఉప్మా పెట్టి పంపించాం అనుకో అది వేరే సంగతి.

ఓటీటీ కూడా కొన్ని ఫోన్లలో దెబ్బతింటది, వీడియోలు కాపీ కాకుండా కాసే వైడ్‌వైన్ ఎల్1 స్థాయి నుంచి ఎల్3కి పడిపోద్ది, హెచ్‌డీ రాదు. బ్యాంక్ యాప్‌లంటావా, నా దగ్గర రెండున్నాయి, ఒకటి నోరెత్తకుండా పని చేస్తుంది, ఇంకోటి తెరవగానే మీ డివైస్ సురక్షితం కాదు అని మూసుకుపోద్ది. మ్యాజిస్క్ అనే టూల్‌తో అన్‌లాక్ సంగతి యాప్‌లకి తెలియకుండా దాచిపెట్టే ట్రిక్కులు ఉండేవి, ఇవాళ పనిచేసింది వచ్చే నెల పనిచెయ్యదు, వాళ్ళకి చెలగాటం మనకి ప్రాణసంకటం.

టెస్టింగ్_అక్క:

నేను ఒక పేమెంట్స్ యాప్‌కి టెస్టింగ్ చేస్తాను, కాబట్టి తిట్లు నాకే తగులుతున్నాయి, అయినా చెప్తాను. ముందు ఆ సైలెన్సర్ మాట వెనక్కి తీసుకో తమ్ముడూ, సైలెన్సర్లు మార్చిన వాళ్ళవి పోలీసులు పీకేసి వరసగా పేర్చి రోడ్ రోలర్ ఎక్కించిన వీడియోలు నువ్వు చూడలేదా 😄

లాక్ ఎందుకు ఉందో కూడా వినండి. ఫోన్ ఆన్ అవ్వగానే చిప్‌లో చెరగని కోడ్ బూట్‌లోడర్ సంతకం చూస్తుంది, బూట్‌లోడర్ కెర్నల్‌ది, అంటే ఓఎస్ గుండెకాయది, చూస్తుంది, అలా ఒకదాన్నొకటి చూసుకుంటూ సిస్టం దాకా వస్తుంది. ఎక్కడ తేడా వచ్చినా ఆగుతుంది. ఇది లేకపోతే నీ ఫోన్ కొట్టేసినవాడో, సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేవాడో లోపల ఏదో ఎక్కించి చక్కగా ప్యాక్ చేసి ఇచ్చినా నీకు తెలీదు. అన్‌లాక్ చేసినప్పుడు డేటా తుడిచేది కూడా అందుకే, లేకపోతే దొంగ అన్‌లాక్ చేసి నీ ఫోటోలు చూస్తూ కూర్చుంటాడు. కాబట్టి లాక్ నాకు కావాలి. కాకపోతే తాళంచెవి నా బొడ్లో ఉండాలి, ఫ్యాక్టరీ వాడి దగ్గర కాదు. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో అన్‌లాక్ చేసి గ్రాఫీన్ఓఎస్ లాంటి వేరే ఓఎస్ వేసి, దాని కీ ఎక్కించి, మళ్ళీ లాక్ చేసుకోవచ్చు. బూట్ అయ్యేటప్పుడు ఆరెంజ్ హెచ్చరిక బదులు పసుపు రంగుది వస్తుంది, అంటే లాక్ ఉంది, కీ ఓనర్‌ది అని. ఆండ్రాయిడ్‌లో ఈ ఏర్పాటు ఉంది, చాలా కంపెనీలు పెట్టవు అంతే.

బ్యాంక్ యాప్‌ల విషయానికొస్తే, 2021 ఫిబ్రవరిలో ఆర్‌బీఐ డిజిటల్ పేమెంట్ల భద్రత మీద ఆదేశాలు ఇచ్చింది, అందులో రూట్ చేసిన, అంటే సిస్టం మీద పూర్తి అధికారం తీసుకున్న ఫోన్లలో యాప్ పనిచెయ్యకుండా చెయ్యడం సాధ్యమేమో చూడండి అని ఉంది. చూడండి అన్నదాన్ని మా ఆఫీసుల్లో చెయ్యాల్సిందే అని చదువుకుంటారు, రేపు ఫ్రాడ్ జరిగితే ఎందుకు ఆపలేదని అడుగుతారన్న భయం. దాంతో అందరూ ఫోన్ సాఫ్ట్‌వేర్ అసలుదేనా అని చెక్ చేసే గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ పెట్టేసుకుంటారు, రూట్ చేశావా అన్‌లాక్ మాత్రమే చేశావా అనే తేడా కూడా చూడరు. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆ పై వాటికి ఆ చెకింగ్ హార్డ్‌వేర్ నుంచే వస్తుంది, అందుకే రోమ్‌రాజా గారి ట్రిక్కులు మూలపడ్డాయి.

ఇప్పుడు నాకు నిజంగా మండే విషయం చెప్తాను. నా టేబుల్ మీద రెండు టెస్ట్ ఫోన్లు ఉంటాయి. ఒకటి పాతది, కంపెనీ సాఫ్ట్‌వేరే, లాక్ అలాగే ఉంది, ప్యాచ్ ఎప్పుడో మూడేళ్ళ కిందటిది. రెండోది అలాంటిదే, లీనేజ్ వేసి ఈ నెల ప్యాచ్ పెట్టాం. మామూలు డివైస్ చెకింగ్‌లో పాతది పాస్, కొత్త ప్యాచ్ ఉన్నది ఫెయిల్. చిప్ ఫర్మ్‌వేర్, అంటే చిప్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ వరకు రెండూ పాతవే, అది నిజమే, లీనేజ్ దాన్నేం చెయ్యలేదు. కానీ రెండిట్లో ఏ ఫోన్‌లో మీ డబ్బులు పెడతారు అంటే నేను రెండోదే అంటాను, మా యాప్ మొదటిదే అంటుంది. ఈ సంగతి మీటింగ్‌లో ఎత్తితే నెక్స్ట్ క్వార్టర్‌లో చూద్దాం అన్నారు. అప్పటినుంచి నాలుగు క్వార్టర్లు అయ్యాయి.

జగదీష్‌మార్కెట్_భాయ్:

అబిడ్స్‌ల నా దుకాణం, వారానికి ఇద్దరు ముగ్గురు పోరగాళ్ళు చచ్చిన ఫోన్ పట్టుకుని వస్తరు, అందరిదీ ఒకటే కథ, యూట్యూబ్ చూసి పాత ఫర్మ్‌వేర్ ఎక్కించిన భాయ్ అని. యాంటీ రోల్‌బ్యాక్ అని ఒకటుంటది, కంపెనీ నంబర్ పెంచినంక అంతకన్న పాతది ఎక్కిస్తే ఫోన్ ఖతం, బటన్ ఎంత ఒత్తినా లేవది, కంప్యూటర్‌కి పెడితే 9008 అని పోర్ట్ చూపిస్తది అంతే. అప్పుడు బ్యాక్ కవర్ విప్పి టెస్ట్ పాయింట్లు షార్ట్ చెయ్యాలె, కొన్ని కంపెనీలకి ఆడ కూడా ఆథరైజ్డ్ అకౌంట్ అడుగుతది. నా టేబుల్ మీద ఫోన్ ఉన్నది, చేతిల ట్వీజర్ ఉన్నది, ఫోన్ ఓనర్ ఎదురుంగ కూసున్నడు, అయినా పర్మిషన్ వేరే దేశం నుంచి రావాలె. గిదేం లెక్కనో మీరే చెప్పుండ్రి.

పోరడా, నీ లొల్లి యాడ్స్ ఒక్కటే అయితే అన్‌లాక్ జోలికే పోకు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ఏడీబీ, అంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు కొట్టే టూల్, దాంట్లకెల్లి యాప్‌ని యూజర్ జీరోకి, అంటే ఫోన్ల మెయిన్ యూజర్‌కి అన్‌ఇన్‌స్టాల్ కొట్టు, రూట్ వద్దు, డేటా పోదు, బ్యాంక్ యాప్ సప్పుడు చెయ్యది. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే మళ్ళ వస్తయి, గంతే. సిస్టం యాప్‌లు మాత్రం చూసి తియ్యి, మొన్న ఒకడు లాంచర్ తీసేసిండు, నల్ల స్క్రీన్ చూస్కుంట వచ్చిండు.

ఇంకోటి, ఐఎంఈఐ మార్చమని అడిగెటోళ్ళు కూడ వస్తరు, దండం పెట్టి పంపిస్త. 2023 టెలికం చట్టంల మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జుర్మానా ఉన్నది. నీ దోస్తు గిదీ గదీ కలిపి భయపడుతుండు కావచ్చు, నీ ఫోన్ల నువ్వు ఓఎస్ మార్చుకునుడు వేరు.

అసలు నన్నడిగితే బూట్‌లోడర్ కన్న ఈఎంఐ లాక్ పెద్ద బాధ. కిస్తు కట్టకపోతే ఫోన్ బంద్ అయ్యే యాప్ దుకాణంలనే ఎక్కించి ఇస్తరు, సంతకం పెట్టే ముంగట ఎవడూ చదవడు. ఒక ఆటో అన్న వచ్చిండు, కిస్తులన్నీ కట్టి ఎన్ఓసీ కాయిదం చేతిల పట్టుకుని, యాప్ ఇంకా పోలే, రీసెట్ కూడా కానిస్తలేదు. ఆయన నాలుగుసార్లు తిరిగినంక తీసిండ్రు.

కెర్నల్_కాకా:

భాయ్ చెప్పిన ట్వీజర్ ముక్క చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కేసు సంగతి ముందు తేల్చేద్దాం. మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఏ సెక్షన్ చేర్చారు, తాళం పగలగొట్టడం నేరం అంది, కానీ హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే. నీ ఫోన్‌కి నువ్వు వేరే ఓఎస్ వేసుకోవడం అందులోకి రాదనే నా లెక్క, పైగా ఇక్కడ నువ్వు పగలగొట్టేది ఏముంది, కంపెనీ ఇచ్చిన టూల్‌తోనే తెరుస్తున్నావు. అమెరికాలోనే కథ ముదిరింది, అక్కడ 2010లో ఫోన్ జైల్‌బ్రేక్, అంటే కంపెనీ తాళం తీసుకోవడం, నేరం కాదని మినహాయింపు ఇచ్చారు, ఆ మినహాయింపుని మూడేళ్ళకోసారి మళ్ళీ అడుక్కోవాలి.

ఈ గొడవకి మూలం ఫోన్లు కాదు, టీవీ రికార్డర్. టీవో అని ఒక డబ్బా ఉండేది, లోపల లినక్స్. లినక్స్ లైసెన్స్ జీపీఎల్ ప్రకారం సోర్స్ కోడ్ ఇచ్చారు, తీసుకో మార్చుకో అన్నారు, మార్చి ఎక్కిస్తే మాత్రం సంతకం కలవక డబ్బా నడవదు. అన్నం వడ్డించి చేతులు కట్టేసినట్టు. దానికి విరుగుడుగానే 2007లో జీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది, మార్చిన కోడ్ నడిపే వీలు కూడా ఇవ్వాలి అని అందులో రాశారు. జీపీఎల్ రాసిన స్టాల్‌మన్ పక్షం అది. లినక్స్ కెర్నల్ మొదలెట్టిన లినస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు, హార్డ్‌వేర్‌లో ఏం చేసుకుంటారో నాకనవసరం, కోడ్ తిరిగిస్తే చాలు అనే ధోరణి ఆయనది. కెర్నల్ రెండో వెర్షన్‌లోనే ఉండిపోయింది, ఆండ్రాయిడ్ దాని మీదే కట్టారు, మన పోరడు 168 గంటలు లెక్కపెట్టుకుంటున్నాడు. నేను స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ళ మీటింగుల్లో ఈ మాట చెప్పినప్పుడల్లా కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, ఆ ఫోన్ల గురించే చెప్తున్నా అని అరవాల్సొస్తుంది.

మన దగ్గర ప్రభుత్వం వైపు నుంచి ఏం జరగలేదా అంటే జరిగింది. 2022 అక్టోబర్లో మార్కెట్లో పోటీని కాసే సీసీఐ గూగుల్‌కి 1,337.76 కోట్లు జరిమానా వేసింది, ముందే ఎక్కించిన యాప్‌లు తీసేసుకోనివ్వాలని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్ఏటీ జరిమానా ఉంచి ఆ ముక్కతో పాటు ఇంకొన్ని ఆదేశాలు కొట్టేసింది. ఇంక ఇప్పుడు తాళం బూట్‌లోడర్ దాటి యాప్‌ల దాకా వస్తోంది, డెవలపర్ తన వివరాలు గూగుల్‌కి ఇచ్చి నమోదు చేసుకుంటేనే బయటి ఏపీకే, అంటే ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైల్, ఎక్కేలా చేస్తామని 2025 ఆగస్టులో ప్రకటించారు, 2026 సెప్టెంబర్ నుంచి బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లో మొదలు, 2027 నుంచి మిగతా దేశాలకి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్ వాళ్ళు గోల చేశాక, తెలిసి ఎక్కించుకునేవాళ్ళకి వేరే దారి పెడతాం అన్నారు. ఆ దారి ఎన్ని మెట్లదో చూడాలి.

బెజవాడ_రోమ్‌రాజా:

కాకా మీరు చెప్పింది అంతా కరెక్టే, కానీ మా నాన్నకి జీపీఎల్ రెండూ మూడూ ఒకటే, ఆయనకి కావాల్సింది పెద్దమ్మ కాల్ కలవడం. పోరడూ, వోల్టే సంగతి నీ మోడల్ థ్రెడ్‌లో అడిగావా లేదా?

కాజీపేట_పోరడు:

అడిగిన అన్నా, వోల్టే నడుస్తున్నదని ముగ్గురు చెప్పిన్రు, అందుల ఒకరిది జియోనే. భాయ్ చెప్పినట్టు ఏడీబీతోని ముందు ఆ లాక్ స్క్రీన్ వార్తల యాప్, ఇంకో ఎనిమిది తీసేసిన, ఫోన్ సగం బరువు దిగినట్టు అనిపిస్తుంది, అమ్మ కూడ ఏదో మంచిగైంది అన్నది. గదే సరిపోతదేమో అనుకున్న ఒక రాత్రి. కానీ అక్క చెప్పిన రెండు ఫోన్ల ముచ్చట చదివినంక మనసు ఆగుతలేదు, 2023 ప్యాచ్ మీద ఇంక ఎన్ని దినాలు ఉంటం. బ్యాంక్ యాప్ నా పెండ్లాం ఫోన్ల పెట్టుకుంట, ఆమె ఒప్పుకున్నది, కాకపోతే నెల జీతం ఎంత పడ్తదో ఇప్పుడు ఆమెకే ముందు తెలుస్తది.

ఇంకా 61 గంటలు ఉన్నది, ఆదివారం రాత్రి 11 దాటినంక అయితది. సోమవారం పొద్దుగాల ఆరింటికి బావమరిది ల్యాప్‌టాప్ కోసం వస్తనన్నడు, వానికి ఆఫీస్ ఉన్నదట.

జగదీష్‌మార్కెట్_భాయ్:

ముందుగాల బ్యాటరీ 60 శాతం పైన పెట్టుకో. కేబుల్ మంచిది వాడు, ఛార్జింగ్ ఒక్కటే అయ్యే 50 రూపాయలది కాదు. బావమరిదికి సోమవారం చాయ్ తాగిపియ్యి, గంట లేటైనా ఏమనడు.