కాళ్ళా గజ్జా కంకాళమ్మ పాటకి కాగితం బొమ్మల కార్టూన్: వెలుతురు మినుకుతోంది, పాట కలవట్లేదు

అలిపిరి_చిత్తరువు:

తొంభైల్లో దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కార్టూన్ ఎవరికైనా గుర్తుందా? జపాన్‌లో 1983లో తీసిందది. జంగిల్ బుక్ పేరెత్తితే అందరూ లేచి కూర్చుంటారు గానీ దీన్ని తలుచుకునేవాళ్ళే కనబడరు. తలాతోకా లేని పాటలు, చూస్తుండగానే ఇంకోటిగా మారిపోయే వస్తువులు, ఎందుకని అడగడానికి వీల్లేని లోకం. మన పాటల్లో ఆ రుచి కాళ్ళా గజ్జాలో ఉందనిపించి, తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలతో కాగితం బొమ్మలు కత్తిరించి, వాటిని కొంచెం కొంచెంగా జరుపుతూ ఫోన్‌తో ఒక్కో ఫొటో తీసి, వరసగా ఆడించే కార్టూన్ చేయిస్తున్నాం. సెకనుకి 12 ఫొటోలు. ముందు ఫొటోలు తీసి తర్వాత పాట పాడించాం.

ఇబ్బందులు ఇవీ: ఆడిస్తే వెలుతురు మినుకుమినుకుమంటోంది. గుమ్మడి పండు దగ్గరికొచ్చేసరికి బొమ్మ ముందు, పాట వెనక. ఎత్తిపెట్టిన చెయ్యి కీలు దగ్గర జారిపోతోంది.

తాళం_గుంజ:

ముందు పాట, తర్వాతే ఫొటో. ఇది తిరగేస్తే ఎంత సర్దినా అతకదు.

గుమ్మడి పండు దగ్గరే ఎందుకు తప్పుతోందో పాటలోనే ఉంది చూడండి. ఈ పాట వాక్యానికి నాలుగు తాళం దెబ్బలు, దెబ్బకి నాలుగు మాత్రలు (పొట్టి అక్షరం పలికేంత సేపు ఒక మాత్ర, దీర్ఘానికి రెండు). మొగ్గా / కాదూ / మోదుగ / నీడా. నీడా / కాదూ / నిమ్మల / బావీ. అన్నీ సరిగ్గా నాలుగేసి. ఆ తర్వాతొచ్చే ‘బసవన్న’ అయిదు మాత్రలు. పిల్లలు అక్కడ సాగదీస్తారు, దాని వెంట వచ్చే గుమ్మడి పండు ఆలస్యంగా దిగుతుంది. ‘మిరియాల పోతు’ దగ్గరా ఇదే గొడవ. చివర్లో ‘మంచి గంధపు చెక్క’కి ఏకంగా ఒక దెబ్బ ఎక్కువ.

టిక్కు టిక్కుమంటూ తాళం చెప్పే మెట్రోనోమ్ యాప్‌ని నిమిషానికి 120 దెబ్బలకి పెట్టి, ఒక్క పిల్లకి మాత్రం ఇయర్‌ఫోన్ ఇవ్వండి. ఆ పిల్ల చేత్తో తాళం వేస్తే మిగతావాళ్ళు చూసి పాడతారు. అందరికీ స్పీకర్‌లో వినిపిస్తే ఆ టిక్కు టిక్కు రికార్డింగ్‌లో పడుతుంది. ఈ వేగంలో దెబ్బ అర సెకను, అంటే 6 ఫొటోలు. వాక్యానికి 24. కంకాళమ్మ నుంచి శామా మన్ను దాకా పది వాక్యాలకి 240, గంధపు చెక్క వాక్యానికి 30. మొత్తం 270 ఫొటోలు, ఇరవై రెండున్నర సెకన్లు. ఊరికో తీరుగా పాడే పాట ఇది, మీరు ఏ తీరు పాడుతున్నారో ముందే కాగితం మీద రాసుకుని దెబ్బలు గుర్తుపెట్టుకోండి.

పెదవుల గురించి బెంగ వద్దు. మూసిన నోరు, తెరిచిన నోరు, సాగిన నోరు, గుండ్రటి నోరు, ఈ నాలుగు ముక్కలు చాలు. మ, ప, బ దగ్గర నోరు మూసుకుంటే మిగతాది చూసేవాళ్ళే సర్దుకుంటారు. శబ్దానికి ఒక ఫొటో ముందే మూయించండి. సరిగ్గా శబ్దం మీదే మూస్తే ఆలస్యమైనట్టు కనిపిస్తుంది.

కీలుబొమ్మ_చిత్తూరు:

చెయ్యి జారుతోందంటే బొమ్మలు పరిచిన బోర్డు వాలుగా పెట్టారన్నమాట. బల్ల మీద పడుకోబెట్టండి, జారడానికి చోటే ఉండదు. రెండు కుర్చీల మధ్య ఒక చెక్క వేసి, దాని మీంచి ఫోన్ కెమెరా కిందికి చూసేలా కట్టండి. 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మామూలు లెన్స్‌లో ఏ3 కాగితం మొత్తం పడుతుంది. వైడ్ లెన్స్ వద్దు, అంచులు వంగుతాయి.

బొమ్మలకి పాత పెళ్ళిపత్రికల అట్ట బాగుంటుంది, కాకపోతే బంగారు రంగు అచ్చు మెరుస్తుంది కాబట్టి వెనకవైపు వాడాలి. కీలుకి తోలుబొమ్మల్లో మాదిరి దారం ముడే మేలు. రెండు పేటల నూలు దారం, ముందొక ముడి, వెనకొక ముడి, మధ్యలో చిన్న కాగితం బిళ్ళ. ముడి బిగిస్తే చెయ్యి స్ప్రింగులా వెనక్కి తిరుగుతుంది. వదులైతే భుజం పక్కకి జరుగుతుంది. వేలితో తోస్తే ఎక్కడ వదిలామో అక్కడే ఆగాలి.

ఇక వెలుతురు. ఏదీ కదపకుండా, అందరూ పక్కకి తప్పుకుని, ఖాళీ కాగితాన్ని 24 ఫొటోలు తీసి ఆడించండి. అప్పుడూ మినుకుతుంటే తప్పు దీపానిదో కెమెరాదో. మినకకపోతే మీ నీడలదీ చొక్కాలదీ. తెల్ల చొక్కా వేసుకుని వంగితే చాలు, కాగితం మీద వెలుగు మారిపోతుంది.

కెమెరాలో ఎక్స్‌పోజర్ (ఎంత వెలుగు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడూ మారకుండా లాక్ చెయ్యాలి. ఆటోలో ఉంటే ఎర్ర బొమ్మ రాగానే వెనక కాగితం రంగు తిరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే దీపాల వెలుగు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. షట్టర్, అంటే కెమెరా వెలుగు తీసుకునే సమయం, సెకనులో 1/200వ వంతు ఉంటే ఒక ఫొటోకి ఎక్కువ వెలుగు, ఇంకోదానికి తక్కువ పడుతుంది. 1/50కో 1/25కో దింపి, ఫొటో మరీ తెల్లబడకుండా ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే మోతాదు) తగ్గించండి. కిటికీ పరదాలు పూర్తిగా మూసెయ్యండి, మబ్బు పట్టినా తెలిసిపోతుంది.

ఫ్యాన్ ఆపక తప్పదు. తిరుపతి ఎండల్లో ఇది చెప్పడం తేలికే! తెల్లవారుజామునో రాత్రో పెట్టుకోండి. చెమట చేతులకి అట్ట చుట్టుకుంటుంది కాబట్టి ముక్కల్ని పుల్లతో జరపాలి. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం మళ్ళీ ఆన్ చేసి, బ్లూటూత్ బటన్‌తో ఫొటో తియ్యండి. వేలు తగిలితే ఫ్రేమ్ కదులుతుంది.

వెలగమొగ్గ:

పైవాళ్ళు చెప్పినవన్నీ సరే, అసలు సరదా మారడంలో ఉంది. ‘మొగ్గా కాదూ’కి 12 ఫొటోలు, ‘మోదుగ నీడా’కి 12. పిల్లలు ఆ రెండో 12 ఫొటోల్లోనూ కొంచెం కొంచెంగా మారుస్తారు, అందుకే చూసేవాళ్ళకి మొగ్గా అందదు, నీడా అందదు. మొదటి 12లో ఆరు కదలకుండా ఉంచండి, ఆరింటిలో మొగ్గ కాదన్నట్టు తల ఊపాలి. తర్వాత మూడే మూడు ఫొటోల్లో మారిపోవాలి, మిగతా తొమ్మిది నిలబడాలి.

ఆకారాలు ఒకదాన్నొకటి అందిపుచ్చుకునేలా గీయించండి. గుమ్మడి పండుని తీసెయ్యకండి, దాని మీదికే రెండు మీసం ముక్కలు జరిగితే అదే పాపడి మొహం. ఆ మీసం కొసలు పైకి తిరిగితే దున్నపోతు కొమ్ములు. ఒంటి నిండా నిజం మిరియాలు పెట్టండి, దొర్లకుండా అడుగున చిటికెడు క్లే. బొమ్మల శెట్టి పక్కన మన తిరుపతి ఎర్రచందనం చెక్కబొమ్మల జంటని పెట్టొచ్చు, నిలబెడితే ఫోకస్ తప్పుతుంది గనక పడుకోబెట్టాలి.

ఈ పాట గజ్జికి మందుల చిట్టా అని చెప్పేవాళ్ళున్నారు. అయితే కావచ్చు, దాన్ని మాత్రం బొమ్మలోకి తేవద్దు. అర్థం చెప్పబోతే కార్టూన్ పాఠమైపోతుంది.

తాళం_గుంజ:

ఒక్క మాట. పాటలో ఉన్నదే గీయాలని కూడా లేదు. చెక్ దర్శకుడు యాన్ ష్వాంక్‌మాయెర్ 1971లో, ఆలిస్ కథలు రాసిన లూయిస్ కారల్ తలాతోకా లేని కవిత జాబర్‌వాకీ మీద తీసిన పొట్టి సినిమాలో కవిత మొదట్లో వినిపిస్తుంది, ఆ తర్వాత గదిలో ఆటబొమ్మలు వాటి ఇష్టమొచ్చినట్టు ఆడతాయి.

వెలగమొగ్గ:

అది పెద్దవాళ్ళకి బాగుంటుంది. ఇక్కడ ప్రతి వాక్యం ముందుదాన్ని కాదంటోంది. కాదన్నదేదో కళ్ళకి కనబడకపోతే ఆట ఏముంది? అక్షరాలే చూడండి: నీడ–నిమ్మల, బావి–బసవన్న, పండు–పాపడ. చెవికి ఒకటిలా వినబడేవి కంటికి ఒకదాన్లోంచి ఇంకోటి పుట్టాలి.

అలిపిరి_చిత్తరువు:

ఖాళీ కాగితం పరీక్షలో మినకలేదు, అంటే మా చొక్కాలే. పాట మళ్ళీ రికార్డు చేస్తాం. శామా మన్నుకి నిజం మట్టి వాడితే కాగితం పాడవుతుందా?

కీలుబొమ్మ_చిత్తూరు:

అవుతుంది. కాగితం మీద పారదర్శక షీటు పరిచి, ఎర్రమట్టిని ఎండబెట్టి జల్లించి, మెత్తటి బ్రష్‌తో జరపండి. రెండు గుప్పెళ్ళు చాలు. ప్లాస్టిక్ షీటుకి ధూళి అంటుకుంటుంది కాబట్టి ఈ వాక్యాన్ని అన్నిటికన్నా చివర తియ్యండి. షీటు మెరుస్తుంటే దీపాల్ని పక్కలకి దించి వాలుగా పెట్టండి. షీటులో ఫోన్ ప్రతిబింబం కనబడితే నల్ల అట్టకి లెన్స్ మేర చిల్లు పెట్టి ఫోన్ కింద అడ్డం కట్టండి.