చిన్న పల్లెలో పడిన ఓట్లను బట్టి దాని రాజకీయ మొగ్గును చెప్పగలమా?

ప్రశ్న:
సుమారు 300 మంది ఓటర్లున్న ఒక పల్లెలో వరుసగా ఐదు ఎన్నికల్లో పోలింగ్ కేంద్రం వారీగా వచ్చిన ఫలితాలను పట్టిక వేసి పరిశీలిస్తున్నాను. స్థానిక ఎన్నికల్లో ఒక పక్షానికి మూడింట రెండు వంతుల ఓట్లు పడగా, జాతీయ చట్టసభ ఎన్నికల్లో అదే పల్లె ఎదుటి పక్షానికి ఆధిక్యం ఇచ్చింది. పల్లెలో సొంత భూమి ఉన్న కుటుంబాలే ఎక్కువ కాబట్టి, ఈ రెండో ఆధిక్యం వారిదేనని, కూలి మీద బతికేవారు మొదటి పక్షం వైపే నిలిచారని రాయడం సబబేనా? ఇంత చిన్న సమూహానికి ఒక స్థిరమైన మొగ్గు ఉందనడానికి ఎన్ని ఎన్నికలు చూడాలి?

మొదటి జవాబు:
దయచేసి అలా రాయకండి. ఊరి మొత్తం లెక్క చూసి ఊళ్లోని మనుషుల గురించి చెప్పడంలో ఉన్న ప్రమాదాన్ని 1950లో సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఎస్. రాబిన్‌సన్ 1930 నాటి అమెరికా జనాభా లెక్కలతోనే చూపించారు. విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా కనిపించింది. మనుషులను విడివిడిగా చూస్తే మాత్రం విదేశాల్లో పుట్టినవారిలోనే అది ఎక్కువ. వలస వచ్చినవారు అక్షరాస్యత బాగా ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడటం వల్ల లెక్క తలకిందులైంది. 1913లో పశ్చిమ ఫ్రాన్స్ ఓట్ల గురించి రాసిన ఆంద్రే సీగ్‌ఫ్రీడ్ కూడా గ్రానైట్ నేలల్లో ఒక రకంగా, సున్నపురాతి నేలల్లో మరో రకంగా ఓటు పడటాన్ని గమనించి అక్కడితో ఆగలేదు. భూమి ఎవరి చేతిలో ఉంది, ఇళ్లు గుంపుగా ఉన్నాయా చెదురుగా ఉన్నాయా, మతాచార్యుల మాట ఎంత చెల్లుతుంది అని ఆరా తీశారు.

ఎన్ని ఎన్నికలు చూడాలన్నదానికి నిర్ణీత సంఖ్య లేదు. 240 ఓట్లు పోలైన చోట 12 మంది ఒక పక్షం నుంచి రెండో పక్షానికి మారితే ఆధిక్యంలో తేడా 24 ఓట్లు, అంటే పది శాతం. రెండు మూడు పెద్ద కుటుంబాలు వలస వెళ్లినా అంత తేడా రావచ్చు. కాబట్టి శాతాల కంటే ముందు ఓటర్ల జాబితాలో ఎవరు చేరారో, ఎవరు పోయారో చూడండి.

రెండో జవాబు:
స్థానిక ఎన్నికకూ జాతీయ ఎన్నికకూ మధ్య మీరు చూసిన తేడాను నిలకడలేనితనంగా భావించనక్కరలేదు. మొదటి దానిలో ఓటరు తనకు ముఖపరిచయం ఉన్న మనిషిని, నీరు, దారి వంటి పనులను దృష్టిలో పెట్టుకుంటాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల గురించి 1949లో రాసిన రాజకీయ శాస్త్రవేత్త వి.ఓ. కీ, అభ్యర్థి సొంత ప్రాంతంలోనూ దాని చుట్టుపక్కలా అతనికి విపరీతంగా ఓట్లు పడటాన్ని గుర్తించి, దాన్ని ఇరుగుపొరుగు అభిమానంగా వివరించారు.

1940లో ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒకే ఓటర్లను నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసింది. ప్రచారం కంటే తెలిసినవారి మాట బలంగా పనిచేయడాన్ని, బంధువులు ఒకవైపు, వృత్తి మరోవైపు లాగుతున్నవారు నిర్ణయాన్ని చివరిదాకా వాయిదా వేయడాన్ని వారు గమనించారు. చిన్న పల్లెలో ఇలాంటి లాగుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది గనుక, ఓటు వేయకుండా ఉండిపోయినవారిని కూడా మీ పట్టికలో ఒక వరుసగా చూపాలి.

మూడో జవాబు:
నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే విషయం రహస్యం. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో డిక్స్‌విల్ నాచ్ అనే చోట 2020లో పోలైన ఐదు ఓట్లూ ఒకే అభ్యర్థికి పడ్డాయి. అంటే అక్కడ ఓటు వేసిన ప్రతి మనిషి ఓటూ లోకానికి తెలిసిపోయినట్టే. 300 మంది ఉన్న చోట పరిస్థితి అంత తీవ్రం కాకపోయినా, ఒక అభ్యర్థికి నాలుగే ఓట్లు పడ్డాయని ప్రకటిస్తే ఆ నాలుగూ ఎవరివన్న వెతుకులాట మొదలవుతుంది.

1856లో ఆస్ట్రేలియా కాలనీల్లోనూ 1872లో బ్రిటన్‌లోనూ రహస్య ఓటింగ్‌ను తెచ్చింది, భూస్వామి ముందు కౌలుదారు తన ఓటును బయటపెట్టాల్సి రావడం వంటి ఒత్తిళ్లను తప్పించడానికి. భారత్‌లో కాగితపు బ్యాలెట్లు ఉన్నప్పుడు వేర్వేరు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే వీలుండేది. యంత్రాలు వచ్చాక ప్రతి కేంద్రం లెక్కా విడిగా తెలుస్తోంది. అందుకే అనేక యంత్రాల ఓట్లను కలిపి చూపే టోటలైజర్ పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించగా, లా కమిషన్ 2015 నాటి తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. తమ ఓటు బయటపడుతుందని భయపడే ఊళ్లో వచ్చిన ఫలితం మొగ్గును చూపుతోందో, భయాన్ని చూపుతోందో వేరుచేయడం కష్టం. ఊరి పేరుతో ఆ పట్టికను బయటపెట్టవద్దని నా విన్నపం.

ప్రశ్న అడిగినవారు:
రహస్యం సంగతి నేను ఆలోచించలేదు. ఇరుగుపొరుగున ఉన్న నాలుగైదు కేంద్రాల లెక్కలు కలిపి, ఊరి పేరు తీసివేసి రాస్తాను. భూమికీ ఓటుకూ ముడిపెట్టిన వాక్యాన్ని ఇప్పుడే కొట్టివేశాను. ఓటర్ల జాబితాల్లో చేరికలు, తొలగింపులు పరిశీలించాకే శాతాల జోలికి వెళ్తాను.