ఎలిజబెత్ కాలం నుంచి అంతర్యుద్ధం దాకా ఇంగ్లండు పదాతి సైనికుణ్ణి పట్టుకొచ్చిందెవరు, ఆయుధం ఇచ్చిందెవరు?

పాతపుటలు:

పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లండు యుద్ధాల గురించి చదివినప్పుడల్లా ఒక విషయంలో నాకు పొంతన కుదరడం లేదు. 1573 నుంచి ప్రతి కౌంటీలోనూ మనుషులను ఏరి, కవాతు నేర్పి, ‘ట్రెయిన్డ్ బ్యాండ్స్’ పేరుతో శిక్షిత దళాలను నిలబెట్టారని అంటారు. కానీ అదే కాలంలో నెదర్లాండ్స్‌కూ, ఫ్రాన్స్‌కూ, ఐర్లండుకూ వెళ్లిన సైనికుల గురించి వారి సేనాపతులే దేశదిమ్మరులనీ, దొంగలనీ, ఒంటిమీద సరైన బట్ట లేనివాళ్లనీ వాపోయారు. శిక్షణ పొందినవారు చేతిలో ఉండగా వీళ్లను ఎందుకు పంపినట్టు? ఆయుధాల ఖర్చును రాణి ఖజానా భరించేదా, సైనికుడే తెచ్చుకోవలసి వచ్చేదా? షేక్స్పియర్ నాటకంలో ఫాల్‌స్టాఫ్ లంచం ఇచ్చినవారిని వదిలేసి, ఇవ్వలేని బక్కప్రాణులను సైన్యంలో చేర్చుకునే ఘట్టం కేవలం నవ్వించడానికి రాసిందేనా? తెలిసినవారు వివరించగలరని మనవి.

కరణంగారి మనవడు:

మీరు చెప్పిన రెండూ నిజమేనండీ. పైగా మొదటిది ఉండబట్టే రెండోది జరిగింది.

ఆ కాలపు ఇంగ్లండు రాజ్యానికి స్థిరమైన సైన్యం లేదు, దాన్ని పోషించగల రాబడి కూడా లేదు. పదహారు నుంచి అరవై ఏళ్ల మధ్య వయసున్న ప్రతి పురుషుడూ దేశరక్షణకు రావలసినవాడే అన్న పాత కట్టుబాటు మీదే మొత్తం ఏర్పాటు ఆధారపడింది. మేరీ రాణి పాలన చివర, 1558లో చేసిన చట్టం ఆదాయాన్ని బట్టి ఎవరింట్లో ఏ ఆయుధం ఉండాలో లెక్క కట్టింది. ఏటా వెయ్యి పౌండ్లు, అంతకు మించి వచ్చే భూస్వామి గుర్రాలూ కవచాలూ కాక 40 పైకులు (పొడవాటి బల్లేలు), 30 విల్లులు, 20 తుపాకులు సిద్ధంగా ఉంచాలి. అయిదు నుంచి పది పౌండ్ల ఆదాయం ఉన్నవాడు ఇనుప రేకులు కుట్టిన ఒక చొక్కా, ఒక గండ్రగొడ్డలి లాంటి ఆయుధం, ఒక విల్లు, ఒక ఉక్కు టోపీ ఉంచుకుంటే సరిపోయేది. అంతకన్నా చిన్నవారి తరఫున పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు) మొత్తం కలిసి కొన్ని ఆయుధాలు కొని చర్చిలో దాచేది. సఫోక్‌లోని మెండెల్‌షామ్ చర్చిలో, ముఖద్వారం మీది గదిలో, అలాంటి కవచాలు ఇప్పటికీ ఉన్నాయి.

అంటే ఆజ్ఞ రాణిది, ఖర్చు ఊరిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుగా సాగిన ఈ వ్యవహారంలో ఊరివాళ్లు తమ జాగ్రత్త తాము చూసుకున్నారు. శిక్షిత దళాల్లో ఉన్నది చిన్న రైతులు, చేతివృత్తుల యజమానులు, వారి కొడుకులు. వారిని ఇంటి రక్షణకే తప్ప సముద్రం దాటించకూడదన్నది దాదాపు నియమంగా పాటించారు. ఆయుధం కొనిచ్చిన పెద్దమనుషులకూ, ఆ పెద్దమనుషుల సహకారం లేనిదే పన్నులు వసూలు కాని ప్రభుత్వానికీ ఇదే అనుకూలం. కాబట్టి విదేశానికి ఇంతమందిని పంపమని రాణి సలహాదారుల సభ అయిన ప్రివీ కౌన్సిల్ నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, కౌంటీలో రాణి ప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్ దాన్ని తన కింది డిప్యూటీలకు పంచేవాడు, వారు గ్రామ కానిస్టేబుల్ మీద పెట్టేవారు, ఆ కానిస్టేబుల్ ఊరికి ఎవరు పోయినా నష్టం లేదో వారినే పట్టుకొచ్చేవాడు. పని లేనివాడు, చెరసాలలో ఉన్నవాడు, పొరుగువారితో తగవులు పడేవాడు ముందుగా దొరికేవారు.

1585 నుంచి రాణి మరణించిన 1603 దాకా ఇలా సుమారు లక్ష మందిని విదేశీ యుద్ధాలకు తరలించారు. వారికి కౌంటీ ఒక కోటు కుట్టించి ఇచ్చి, ఓడరేవు దాకా నడిచేందుకు మైలుకు అర పెన్నీ చొప్పున దారిబత్తెం ముట్టజెప్పేది. ఈ కోటు డబ్బు, దారిబత్తెం కలిసి తరువాత ఒక పెద్ద రాజకీయ తగవుగా మారాయి. రోజుకు 8 పెన్నీల జీతం కాగితం మీద బాగానే కనిపిస్తుంది, కానీ తిండికీ బట్టకూ అందులోంచే కోత పడేది.

ఫాల్‌స్టాఫ్ సంగతికొస్తే, ఆ నాటకాలు 1590లలో ఆడినవి. చూసినవారిలో చాలామందికి ఆ దృశ్యం తమ పారిష్‌లో జరిగిందే. కెప్టెన్లు డబ్బు తీసుకుని మనుషులను వదిలేయడం, చనిపోయినవారినీ పారిపోయినవారినీ పట్టీలో ఉంచి వారి జీతం తినడం అప్పటి ప్రభుత్వ పత్రాల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఫిర్యాదులు. కొందరు లేని సైనికుల జీతాన్ని కెప్టెన్ అధికారికంగానే తీసుకోవచ్చని నిబంధన ఉన్నప్పుడు, ఆ కొందరు మరికొందరు కావడంలో వింత లేదు.

పాతపుటలు:

చాలా కృతజ్ఞతలండీ. మరి విల్లును వదిలి తుపాకీకి మారడం కూడా ఊళ్ల ఖర్చుతోనే జరిగిందా? ఆ మార్పును ఊళ్లు ఎలా ఒప్పుకున్నాయి?

మందుగుండు మామయ్య:

ఒప్పుకోలేదండీ, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ మారాయి. విల్లు ఇంట్లో ఉన్నదే. తుపాకీ కొనాలి, దానికి మందు కొనాలి, సీసం కొనాలి, ఒత్తితాడు కొనాలి, ప్రతి కవాతులోనూ అదంతా కాల్చి బూడిద చేయాలి. 1590లో సర్ జాన్ స్మైత్ విల్లే మేలని వాదిస్తే, నెదర్లాండ్స్ యుద్ధాల్లో పండిపోయిన సర్ రోజర్ విలియమ్స్ అయిదు వందల మంది మస్కెట్ (పొడుగు గొట్టం తుపాకీ) సైనికులు పదిహేను వందల మంది విలుకాళ్ల కన్నా అక్కరకొస్తారని రాశాడు. చివరికి 1595లో శిక్షిత దళాల్లో విల్లును ఆయుధంగా లెక్కించరాదని ప్రివీ కౌన్సిల్ ఉత్తర్వు ఇచ్చింది. నా దృష్టిలో స్మైత్ పూర్తిగా తెలివితక్కువవాడు కాదు, బాణం వేగంగా పడుతుందన్న మాట నిజమే. కానీ మంచి విలుకాడు చిన్నప్పటి నుంచి తయారు కావాలి, మస్కెట్ పట్టడం కొన్ని వారాల్లో నేర్పవచ్చు. కానిస్టేబుల్ ఈడ్చుకొచ్చిన మనిషికి విల్లు ఇచ్చి ఏం లాభం?

మస్కెట్ బరువైనది. గొట్టం నాలుగడుగులు ఉండేది, దాన్ని ఆనించడానికి పంగల కొయ్య ఒకటి మోయాలి. సైనికుడి భుజం మీదుగా వేలాడే పటకాకు సాధారణంగా పన్నెండు చిన్న కొయ్య డబ్బీలు, ఒక్కోదానిలో ఒక్కో దెబ్బకు సరిపడా మందు ఉండేవి. ఎడమచేతి వేళ్ల మధ్య, సురేకారంలో నానబెట్టి ఆరబెట్టిన తాడు రెండు కొసలా నిప్పు రాజుకుంటూ ఉండేది. గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలో సన్నమందు వేసి మూయడం, మిగిలిన పొడిని ఊదేయడం, డబ్బీ మూత తీసి మందును గొట్టంలో పోయడం, గుండు వేసి కడ్డీతో దట్టించడం, తాడును మీటకు బిగించి నిప్పు మీది బూడిద ఊదడం, ఆ తరువాతే పేల్చడం. మందు నిండిన డబ్బీలు వేలాడుతున్న మనిషి చేతిలో నిప్పు పట్టుకుని ఇదంతా చేయాలి, పక్కవాడూ అదే చేస్తూ ఉంటాడు. డబ్బీలు గాలికి గలగలలాడి అధికారి ఆజ్ఞలు వినబడనివ్వవనీ, ఒకదానికి నిప్పంటుకుంటే అన్నీ పేలతాయనీ ఆనాటివారు మొత్తుకున్నారు. వాన వస్తే తాడు ఆరిపోతుంది, రాత్రయితే దాని నిప్పు మనిషిని పట్టిస్తుంది. రాజు మొదటి చార్లెస్‌కూ పార్లమెంటుకూ మధ్య 1642లో మొదలైన అంతర్యుద్ధంలో, 1643 జులైలో లాన్స్‌డౌన్ పోరు తరువాత పార్లమెంటు సైన్యం ఆ నిప్పునే వాడుకుంది. గోడ వెంట వెలిగే తాళ్లను వదిలి, తాము ఇంకా అక్కడే ఉన్నట్టు భ్రమ కల్పించి, చీకట్లో తప్పుకుంది.

ఈ మస్కెట్‌వాడు మళ్లీ మందు దట్టించుకునేలోపు గుర్రాలు మీద పడకుండా కాచేవాడే పైక్ సైనికుడు. పదహారు నుంచి పద్దెనిమిది అడుగుల బల్లెం, ఛాతీకీ వీపుకీ తొడలకీ ఇనుప కవచం, తలకు టోపీ. ఎత్తూ బలమూ ఉన్నవారిని పైక్‌కు ఎంచేవారు, అది గౌరవంగానూ భావించేవారు. అయినా దూరం నడిచే పటాలంలో బల్లెం కొసను కోసి పొట్టిచేసుకునేవారు చాలామంది. కవచం కూడా అంతర్యుద్ధంలో క్రమంగా వదిలేశారు. 1642లో ఎడ్జ్‌హిల్‌కు వెళ్లిన రాజు సైన్యంలో ఒక్క పైక్ సైనికుడికీ కవచం లేదనీ, మూడు నాలుగు వందల మంది చేతిలో దుడ్డుకర్ర తప్ప మరేమీ లేదనీ రాజపక్షం వాడైన క్లారెండనే రాశాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో హల్ నగరం తలుపులు తెరవకపోవడంతో అక్కడి ఆయుధాగారం రాజు చేజారిందన్న సంగతి దీనితో కలిపి చూడాలి.

తుపాకీ మందుకు ముఖ్యమైన ముడిసరుకు సురేకారం, దాని గురించి ఒక్క మాట. ప్రభుత్వం నియమించిన మనుషులు పావురాల గూళ్లు, గుర్రపుసాలలు తవ్వి మట్టి ఎత్తుకుపోయేవారు. ఇంటివారికి వాళ్లంటే ఒళ్లుమంట. 1620ల నుంచి ఈస్ట్ ఇండియా కంపెనీ మన దేశపు సురేకారాన్ని ఓడల్లో చేర్చడం మొదలుపెట్టాక గానీ ఆ పీడ సడలే దారి కనబడలేదు.

కరణంగారి మనవడు:

మామయ్య గారి మాటకు కొనసాగింపు. 1558 చట్టాన్ని 1604లో రద్దు చేశారు, దాని స్థానంలో మరొకటి చేయలేదు. అందువల్ల ఆయుధం ఉంచుకోమని చార్లెస్ అడిగినప్పుడల్లా ఏ చట్టం కింద అన్న ప్రశ్న వచ్చేది. పార్లమెంటు రాజు ముందుంచిన 1628 హక్కుల విన్నపంలో సైనికులను బలవంతంగా ఇళ్లలో దించరాదన్న మాట చేరింది. 1642 నాటికి శిక్షిత దళాలు ఎవరి ఆజ్ఞలో ఉండాలన్నదే రాజుకూ పార్లమెంటుకూ మధ్య తగవు. యుద్ధం వచ్చాక లండన్ దళాలు బాగానే పోరాడాయి గానీ, 1644లో తన వెంట ఉన్నవారు ఇంటికి, ఇంటికి అని అరుస్తున్నారనీ, పూర్తిగా మీదే అయిన సైన్యం ఉంటే తప్ప పని కాదనీ సేనాపతి వాలర్ పార్లమెంటు కమిటీకి రాశాడు.

పాత నియామక పత్రం:

అక్కడి నుంచి 1645లో పార్లమెంటు కొత్తగా కూర్చిన సైన్యానికి, అంటే న్యూ మోడల్ ఆర్మీకి, దారి పడింది. అయితే దాన్ని స్వచ్ఛంద సైనికుల సైన్యంగా చాలామంది ఊహించుకుంటారు, అది సరికాదు. పన్నెండు పదాతి రెజిమెంట్లు, ఒక్కోదానిలో 1,200 మంది, మొత్తం 14,400 కావాలి. పాత సైన్యాల నుంచి వచ్చినవారు దాదాపు సగమే. మిగిలిన సగాన్ని లండన్ నుంచీ ఆగ్నేయ కౌంటీల నుంచీ మళ్లీ బలవంతంగానే పట్టుకొచ్చారు, వాళ్లు మళ్లీ గుంపులుగా పారిపోయారు. జీతం కూడా ఆ పాత 8 పెన్నీలే, అశ్వికుడికి మాత్రం రెండు షిల్లింగులు.

మారింది సరుకు వచ్చే దారి. ఊరు కాకుండా పార్లమెంటే నేరుగా లండన్ వ్యాపారులతో ఒప్పందం రాసుకుంది. కోట్లు ఎర్రరంగువి, సఫోక్, కోవెంట్రీ లేదా గ్లోస్టర్‌షైర్ బట్టతో, కమిటీకి ఇచ్చిన నమూనా ప్రకారం కుట్టాలి. కోట్ల బట్టనూ ప్యాంట్ల బట్టనూ ముందుగా చన్నీళ్లలో తడిపి కుదించాలి. ఈ చన్నీళ్ల షరతు చూస్తే, గతంలో వానకు తడిసి బిగుసుకుపోయిన బట్టలతో ఎవరో గట్టిగా దెబ్బతిన్నారనే నా అనుమానం. పైక్‌లు మంచి యాష్ కర్రతో పదహారడుగులు ఉండాలి. కవచాల ప్రస్తావన పదాతికి ఇక పెద్దగా కనిపించదు. మస్కెట్లు, కత్తులు, బూట్లు, భుజాన వేసుకునే సంచులు అన్నీ ఇదే పద్ధతిలో వచ్చాయి. 1645 జూన్ 14న నేస్బీలో రాజు సైన్యం మీద గెలిచిన ఈ పదాతిలో కొన్ని వారాల కిందటే కానిస్టేబుల్ చేతికి చిక్కినవారు చాలామంది ఉన్నారు. ఆ రోజు పట్టుబడిన రాజు పదాతి సైనికుల్లో కొందరు తరువాత అదే ఎర్రకోటు తొడుక్కున్నారు.